జెముడు మీద దూది

మొక్క ఒంటిమీది నూగు ఎండను తట్టుకోవడానికి పనికొస్తుంది. ఆకు పైపొర కణాలు సాగి వెంట్రుకలవుతాయి. వాటి మధ్య చిక్కిన గాలి కదలదు కాబట్టి వడగాలి నేరుగా ఆకును తాకదు, లోపలి తడి తొందరగా ఆరిపోదు. నూగు తెల్లనిదైతే కొంత వెలుగును వెనక్కి కొడుతుంది కూడా. పల్నాడు ఎండల్లో అలాంటి మొక్కలకు కొదవ లేదు. నాకు మొదట కనిపించింది సత్తెనపల్లిలో పిన్ని వాళ్ల పెరట్లో, పగిలిన బకెట్‌లో గుబురుగా పెరిగిన వామాకు.

దీని ఆకు దళసరి, తాకితే ముఖమల్ గుడ్డలా ఉంటుంది. నూగులో రెండు రకాలున్నాయి: ఉత్త వెంట్రుకలు, నూనె గ్రంథులున్న వెంట్రుకలు. నలిపితే గ్రంథులు పగిలి వాము వాసన గుప్పుమంటుంది. వాము గింజలనిచ్చే మొక్క వేరు. అది కొత్తిమీర కుటుంబం, ఇది తులసి కుటుంబం. రెండింటిలోనూ థైమాల్ ఉండటం వల్ల వాసన కలిసింది. సాయంత్రం పిన్ని ఆ ఆకులే కోసి, కడిగి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచింది. "నూగులో నీళ్లు నిలుస్తాయిరా, తడి ఉంటే పిండి పట్టదు, నూనె చిట్లుతుంది" అంది. శనగపిండి పల్చగా పట్టి వేయించిన ఆ బజ్జీ పైన కరకరలాడుతూ, లోపల ఆకు మెత్తగా, ఘాటుగా ఉంది. మిరపకాయ బజ్జీకి పేరుపడ్డ జిల్లాలో కూడా నా ఓటు దీనికే.

తర్వాతి రెండు రోజులూ మాచర్ల, ఎత్తిపోతల, సాగర్‌లతో గడిచాయి. తిరుగుదారిలో పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, కొండమోడు దాటాక రాజుపాలెం దగ్గర బండి ఆపించాల్సి వచ్చింది. చేను గట్టున నాగజెముడు పొద, దాని మట్టల మీద తెల్లగా దూది ముద్దలు. పక్కది పత్తి చేనే కాబట్టి గాలికి కొట్టుకొచ్చిన దూదేమో అనుకున్నాను. పుల్లతో గీస్తే ఎర్రగా కారింది.

నాగజెముడుకు సొంత నూగు కూడా ఉంది. ముళ్లు మొలిచే ప్రతి చుక్క దగ్గరా పొట్టి ఉన్ని కుచ్చు, అందులో కంటికి ఆనని సన్నని ముళ్లు ఉంటాయి. వాటి కొనలకు కొక్కేలుంటాయి కనుక వేలికి గుచ్చుకుంటే ఊడిరావడం కష్టం. మట్ట మీద మనకు కనిపించే దూది మాత్రం కోచినీల్ పురుగుది. ఆడ పురుగు మట్టకు అతుక్కుని రసం పీలుస్తూ, ఒంటిమీద మైనపు పోగులు అల్లుకుంటుంది. లోపలున్న ఎర్రటి కార్మినిక్ ఆమ్లం చీమల వంటి శత్రువులకు గిట్టదు.

ఈ ఎరుపు కోసమే ఒకప్పుడు దేశాలు పోటీపడ్డాయి. మెక్సికో నుంచి వచ్చే కోచినీల్ రంగు వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. ఒక పౌను ఎండు సరుకుకు దాదాపు 70,000 పురుగులు కావాలి. ఈస్టిండియా కంపెనీ ఆ రంగును ఇక్కడే పండించాలనుకుంది. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగులు తెచ్చాడు. అవి అసలు జాతివి కావు. రంగు నాసి, తిండి మాత్రం బాగా తిన్నాయి. ఒక జాతి జెముడును దేశంలో చాలాచోట్ల తుడిచిపెట్టేశాయి. మన కంచెల్లోని నాగజెముడును అవి ముట్టుకోలేదు. దాన్ని అదుపు చేయడానికి 1926లో సింహళం నుంచి మరో కోచినీల్ జాతిని దక్షిణ భారతానికి తెప్పించారు. ఒకప్పుడు పొలాలను ఆక్రమించిన జెముడు ఇప్పుడు గట్లకు పరిమితం కావడంలో దాని పాత్ర పెద్దది. ఒక మొక్కకు పురుగుతోనే పగ్గం వేసిన తొలి ఉదాహరణల్లో మన దేశానిది ఒకటి. మన బడి పుస్తకాల్లో ఇది ఉండి తీరాలి.

రాత్రికి మళ్లీ సత్తెనపల్లి చేరాక పిన్ని డాబా మీది కుండీ చూపించింది. కడియం నుంచి తెచ్చిన జానెడు కాక్టస్, నిండా నెరిసిన జుట్టు. శాస్త్రజ్ఞులు దీని జాతికి ముసలిదన్న అర్థంలో సెనిలిస్ అని పేరు పెట్టారు. ఆ జుట్టు కూడా రూపు మారిన ముళ్లే. దీని స్వస్థలం మెక్సికోలోని హిడాల్గో ప్రాంతపు సున్నపురాతి లోయలు; అక్కడ ఇది 15 మీటర్ల దాకా ఎదుగుతుంది. పిడుగురాళ్ల రాళ్లూ సున్నపువే గానీ, పల్నాడు నల్లరేగడి దీనికి పనికిరాదు. నీరు పట్టి ఉంచి వేరు కుళ్లబెడుతుంది. కంకర, ఇసుక ఎక్కువగా కలపాలి. నీళ్లు మొదలు దగ్గరే పోయాలి, జుట్టు తడపకూడదు.

ఆ జుట్టు సందున చిన్న తెల్ల ముద్ద కనిపించి, పుల్లతో నలిపి చూశాను. ఎరుపు రాలేదు. పత్తి రైతులకు తెలిసిన పిండినల్లి అది. పిన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసింది.