దుర్భిణీ బేరం

దుర్భిణీ కొనబోయేవారికి మొట్టమొదట ఎదురయ్యే అంకె 525. అట్టపెట్టె మీద శనిగ్రహం బొమ్మ, దాని పక్కనే బొద్దు అక్షరాలతో "525 రెట్లు" అని ఉంటుంది. బెజవాడలో ఒక దుకాణంలో కుర్రవాడు ఆ పెట్టెను నా ముందు పెట్టి, "ఈ ధరలో ఇంతకంటే పవరు రాదు మేడమ్" అన్నాడు. పాపం, అతన్ని అనవలసింది లేదు. పెట్టె మీద అచ్చయినదే చదివాడు. నేను ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నదాన్ని. అతిశయోక్తి ఎక్కడున్నా నాకు చప్పున వాసన తగులుతుంది. పట్టణంలోని మేడలు చంద్రమండలాన్ని ఒరుసుకుంటున్నాయని ప్రబంధకవి అంటే సంతోషిస్తాం. ఆయన ఆ మాటకు మనదగ్గర డబ్బు పుచ్చుకోడు గదా!

ఆ 525 ఎల్లా పుట్టిందో చెబుతాను, వినండి. లోపలి అద్దం నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. కన్ను పెట్టి చూసే చిన్న కటకం, అదే ఐపీసు, 4 మిల్లీమీటర్లది ఇస్తారు. 700ను 4తో భాగిస్తే 175. ఆపైన మూడింతలు చేసే బార్లో కటకం ఒకటి పెట్టెలో పడేస్తారు. మూడు నూట డెబ్భై అయిదులు 525. లెక్కలో తప్పు లేదు, చూపులోనే లోటు. ఆ దుర్భిణీ మూతి వెడల్పు 76 మిల్లీమీటర్లే. మూతి ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు దాకా, అంటే ఇక్కడ సుమారు 150 రెట్ల దాకా, బొమ్మను పెంచవచ్చు. ఆపైన పెంచితే పావుశేరు పెరుగుతో పెళ్ళివారందరికీ మజ్జిగ చేసినట్టే. గ్లాసులు నిండుతాయి, మజ్జిగ మాత్రం ఉండదు.

అంచేత అడగవలసింది "ఎన్ని రెట్లు?" అని కాదు, "మూతి ఎంత?" అని. వాననీళ్ళు పట్టడానికి చూరు కింద గంగాళం పెడతామా, చెంబు పెడతామా? నక్షత్రాల వెలుగు కూడా అల్లాంటి చినుకే. చీకట్లో బాగా విచ్చుకున్న మన కంటిపాప 7 మిల్లీమీటర్లుంటే ఎక్కువ. 130 మిల్లీమీటర్ల అద్దం దానికి సుమారు 300 రెట్లు వెలుగు పోగుచేసి పెడుతుంది.

ఇంతకూ తెలుగు చెప్పే మనిషికి ఈ గొడవెందుకని మీరు అడగవచ్చు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. దానికి ఆకాశం పిచ్చి. కాని నేను తొందరపడ్డది దానికోసం కాదు, మా మామగారి కోసం.

మామగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. రేపల్లె దగ్గర పల్లెలో యాభై ఏళ్ళు సేద్యం చేశారు. అత్తగారి మోకాళ్ళు మొరాయించాక గుంటూరులో మా దగ్గరికి వచ్చారు. పొలంలో మంచె మీద పడుకున్న మనిషి గనుక ఆకాశం ఆయనకు గడియారం. పిల్లలకోడి నడినెత్తికి వచ్చిందంటే ఇంత పొద్దు, గొల్లకావడి వాలిందంటే ఇంత పొద్దు అని చెప్పేవారు. పంచాంగంలోని కృత్తికే ఈ పిల్లలకోడి అని నాకు పెళ్ళయ్యాక ఆయన చూపించిందాకా తెలియదు. మరో సంగతి కూడా ఆయన చెప్పిందే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గాని, ఆ కార్తెలో రోహిణి మాత్రం కంటికి కనిపించదు. అప్పుడు సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు. అందుకే ఆ కార్తెకు ఆ పేరు.

అటువంటి మనిషికి నీటికాసులు వచ్చాయి. డాక్టర్లు గ్లాకోమా అంటారు. చూపు అంచులనుంచి తరుక్కుపోతూ వస్తుంది. పోయిన చూపు తిరిగిరాదు. చుక్కలమందుతో ఉన్నదాన్ని నిలుపుకోవడమే. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపడతారు, పక్కనున్న గడప తన్నుకుంటారు. మసక నక్షత్రాలు ఒక్కొక్కటే ఆయన లెక్కలోంచి జారిపోయాయి. "పిల్లలకోడి ఉందిగాని, పిల్లలు లేవమ్మాయీ" అన్నారొకసారి, ఏదో కోళ్ళగూడు సంగతి చెబుతున్నట్టు. వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు నా దగ్గర కదలకుండా ఉంది. ఆయన చూపు నడిమధ్య ఇంకా నిలిచి ఉండగానే దుర్భిణీ ఇంటికి రావాలని ఆవేళే నిశ్చయించుకున్నాను. దుర్భిణీ చూపించేదీ నడిమధ్య చిన్న వలయమే గదా!

ఈ దుర్భిణీ అన్న మాట పారశీకం. దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. మన పండితులు దూరదర్శిని అన్నారు. నేను ఇంట్లో ఆ మాట వాడితే అత్తగారు, "ఉన్న టీవీ బాగానే ఉందిగా?" అన్నారు. దాంతో దుర్భిణీకే ఖాయమయ్యాను.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఒకాయన్ను సలహా అడిగాను. ఆయన ముందు బైనాక్యులర్సు కొనమన్నారు. 7x50 రకం మంచిదట: ఏడు రెట్లు పెంచుతుంది, మూతి 50 మిల్లీమీటర్లు. దానితో గురుగ్రహం చంద్రులు కూడా చుక్కల్లా కనిపిస్తాయి. మాట నిజమే, కొత్తవారికి అంతకంటే చవకైన మంచి దారి లేదు. అయితే మామగారి చేతులు వణుకుతాయి. ఏడు రెట్లు పెంచే అద్దాలు ఆ వణుకునూ ఏడు రెట్లు చేస్తాయి. అదలా పోయింది.

రెండోది కటకాల దుర్భిణీ. గెలీలియో 1609లో ఆకాశానికి ఎత్తినది ఈ జాతిదే. ఆయన గొట్టం సుమారు 20 రెట్లు పెంచేది. 1610 జనవరిలో గురుడి చుట్టూ నాలుగు చంద్రుల్ని దానితోనే పట్టుకున్నాడు. బొమ్మ తేటగా ఉంటుంది, పెద్దగా మరమ్మతులుండవు. 70 మిల్లీమీటర్లదో 90దో చాలామందికి బాగానే సరిపోతుంది. చిక్కల్లా దాని కాళ్ళతోనే. చవకరకం గొట్టాలకు సన్నని ముక్కాలి స్టాండు ఇస్తారు. ఊపిరి తగిలితే చాలు, చంద్రుడు ఉయ్యాలలూగుతాడు. పైగా డాబా మీద చీకట్లో మూడువైపులా చాచిన ఆ కాళ్ళు మామగారి కళ్ళబడవు. వాటిని తన్నుకుని పడితే దుర్భిణీ సంగతి దేవుడెరుగు, తుంటిఎముక మాటేమిటి? ఈ ఆలోచన ఏ కొనుగోలు సలహాలోనూ నాకు కనిపించలేదు. మా ఇంట్లో బేరం తేల్చింది మాత్రం ఇదే.

మా అమ్మాయి మనసు మూడోదాని మీద ఉంది. ఫోనులో మీట నొక్కితే తనే తిరిగి నక్షత్రాన్ని వెతికిపెట్టే యంత్రం. ధర విని మావారు పత్రిక తిరగేసి పట్టుకున్నారు. "ఆకాశంలో దారి చెప్పడానికి తాతయ్య ఉండగా మోటారెందుకే?" అన్నాను. అది మూతి ముడుచుకుంది గాని, తాతయ్య ముఖం చూసి మారుమాటాడలేదు.

ఆఖరికి వచ్చింది డాబ్సన్ రకం. దీని కథ కాస్త చెప్పుకోవాలి. కటకానికి బదులు పుటాకార దర్పణం పెట్టి 1668లో న్యూటన్ దుర్భిణీ చేశాడు. జాన్ డాబ్సన్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో, రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత ఆశ్రమంలో సన్యాసి. 1944లో చేరాడు. ఓడ కిటికీల గాజును అరగదీసి దర్పణాలు చేశాడు. కాంక్రీటు స్తంభాలు పోసే అట్టగొట్టాలు తెచ్చి, వాటిని చెక్క పెట్టెలో కూర్చోబెట్టాడు. పక్కలకు తిరుగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది, అంతే. ఈ ధ్యాసలో ఆశ్రమం పనులు వెనకబడ్డాయని గాబోలు, 1967లో ఆయన్ను వెళ్ళిపొమ్మన్నారు. మర్నాటి ఏడునుంచీ వీధి మూలల్లో దుర్భిణీ నిలబెట్టి దారినపోయేవాళ్ళందరికీ చంద్రుణ్ణి చూపించాడు. 2014లో పోయాడు. ఆయన పేటెంటు మాట ఎత్తకపోబట్టే మనబోటివాళ్ళకు ఇంత వెడల్పు అద్దం ఈ ధరకు దొరుకుతోంది.

మేము కొన్నది అందులో చిన్నది. మూతి 130, నాభ్యంతరం 650 మిల్లీమీటర్లు. 25, 10 మిల్లీమీటర్ల ఐపీసులు రెండు వచ్చాయి. అంటే 26 రెట్లు, 65 రెట్లు. ఆ రెండింటితోనే మాకు మూడొంతుల పని జరుగుతోంది. కాళ్ళు లేవు, బల్లమీద పెట్టుకోవాలి. అత్తగారి టేకు ముక్కాలిపీట తెచ్చి వేశాం. మూడు కాళ్ళది గనుక ఎగుడుదిగుడు డాబా మీద కూడా ఆడదు. కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి ఐపీసు ఇంచుమించు అందుతుంది.

కొత్తగా కొనేవారికి రెండు మాటలు. కొన్ని పెట్టెల్లో ఐపీసుకు బిగించే నల్లగాజు బిళ్ళ ఇస్తారు, సూర్యుణ్ణి చూడమని. దాన్ని ఆ క్షణమే పారెయ్యండి. అద్దం పోగుచేసిన ఎండంతా దానిమీదే పడుతుంది; అది పగిలితే కన్ను పోతుంది. పగటిపూట దుర్భిణీని పిల్లల చేతికి వదలనే వద్దు. రెండోది, మన కోస్తా తేమకు గాజు మీద బూజు పడుతుంది. సిలికాజెల్ పొట్లాలు వేసి మూత పెట్టండి. చూడబోయే ముందు అరగంట బయట ఉంచితే అద్దం చల్లబడి బొమ్మ నిలుస్తుంది. ఎండకు కాగిన డాబా మీద సాయంత్రం పూటే కూర్చుంటే బొమ్మ ఉడికే నీళ్ళలా కదులుతుంది, తొమ్మిది దాటనివ్వండి.

అన్నట్టు, మా గుంటూరుకు ఆకాశంతో పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ఊరే వచ్చాడు. హీలియం కథ ఆ గ్రహణం దగ్గరే మొదలయింది. మిర్చికి దక్కిన పేరులో వీసం వంతు కూడా ఆ ముచ్చటకు మా ఊళ్ళో దక్కలేదు.

2025 డిసెంబరు చివరివారం ఆకాశం తేటపడింది. సగం చంద్రుడున్నాడు. చంద్రుణ్ణి చూడటానికి పున్నమి పనికిరాదు. వెన్నెల నిండుగా ఉంటే నీడలుండవు, నీడలు లేకపోతే కొండలు తెలియవు. సప్తమి, అష్టమి నాళ్ళలో వెలుగూ చీకటీ కలిసే గీత పొడుగునా గుంటలు, శిఖరాలు లెక్కపెట్టుకోవచ్చు. మామగారు కన్ను పెట్టి చాలాసేపు తియ్యలేదు. అమ్మాయి "నా వంతు" అని రెండుసార్లంది. మూడోసారి నేను దాని భుజం పట్టుకున్నాను. "దుక్కి దున్ని వదిలేసినట్టుందే!" అన్నారాయన.

తరవాత శని. అమ్మాయి ఎంతో ఊరించింది గాని, వలయం పళ్ళెంలా లేదు, గీతలా ఉంది. "పునుక్కి పుల్ల గుచ్చినట్టుంది" అన్నారు మామగారు. 2025 మార్చిలో ఆ వలయం అంచు సరిగ్గా మనవైపు తిరిగింది. పదిహేనేళ్ళకు ఒకమారు ఇల్లా జరుగుతుంది. 1612లో గెలీలియో కూడా ఇల్లాగే చూసి, అది ఏమైపోయిందని తెల్లబోయాడు. మళ్ళీ మెల్లగా విచ్చుకుని 2032లో నిండుగా కనిపిస్తుంది తాతయ్యా అని అమ్మాయి చెప్పింది. ఆయన వేళ్ళమీద లెక్క చూసుకున్నారు. "నాకు ఎనభై అయిదు" అన్నారు. కాసేపాగి, "ఈ పుల్ల చాల్లే, చూశాగా" అన్నారు.

గొల్లకావడి కింద ఉండే మేఘం లాంటి వెలుగును ఆయనకు చూపించాలని అరగంట తంటాలు పడ్డాం. మాకు పాలమరకలా కనిపించింది. ఆయనకు కనిపించలేదు. "ఉందిలే, మీరంటున్నారుగా" అన్నారు. పిల్లలకోడికి తిప్పి 26 రెట్ల ఐపీసు పెట్టాను. అక్కడ నక్షత్రాలు గట్టివి. ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టి పదకొండు దాకా పైకే లెక్కపెట్టారు. అమ్మాయి ఇరవై దాటించింది. ఇద్దరికీ పేచీ. అత్తగారు కింద మెట్టు మీదనుంచి, "పెళ్ళిలో అరుంధతి అంటే పురోహితుడి వేలే చూశాను, నాకూ చూపించండి" అని కేకేశారు. అది వేసవి రాత్రుల మాట. వశిష్ఠుణ్ణి దుర్భిణీలో చూస్తే ఆయనే రెండు నక్షత్రాలుగా విడిపోతాడని చెబితే, "అరుంధతికి తెలుసా?" అన్నారు.

ఇప్పుడు రాత్రి భోజనాలు ఎనిమిదిలోపే అవుతున్నాయి. చుక్కలమందు వేళ ఎవరూ గుర్తుచెయ్యనక్కరలేదు. మందు పడ్డాకే డాబా అని మనవరాలి శాసనం. ఐపీసు రెండంగుళాలు ఎత్తయి మెడ లాగుతోందని మామగారు అన్నారు. వడ్రంగిని పిలిపించి ముక్కాలిపీట కాళ్ళు కోయించాం. అది అత్తగారు పుట్టింటినుంచి తెచ్చుకున్న పీట. కోస్తున్నంతసేపూ ఆవిడ వంటింట్లోంచి ఇవతలికి రాలేదు.