నాలుగో బల్ల

చదరంగం ఒంటరివాళ్ళ ఆట అని చాలామందికి ఓ అభిప్రాయం. ఎదురెదురుగా ఇద్దరు మనుషులు, మధ్యన 64 గళ్ళు, చుట్టూ నిశ్శబ్దం, అంతేకదా అంటారు. అలా అనేవాళ్ళు ఏ ఆదివారమైనా మా కాలనీకి వచ్చి, కమ్యూనిటీ హాలు పక్కనున్న రేకుల షెడ్డులో ఓ పూట కూర్చోవాలి. లీగు మ్యాచీ వున్న రోజున అక్కడి హడావుడి చూస్తే పెళ్ళివారు దిగారేమో అనుకుంటారు.

నాకు ఆ ఆట చేతకాదు. నేను చదివిన బి.ఏ.లో అది లేదు. కానీ మావారు మా కాలనీ చెస్ క్లబ్బుకి సెక్రటరీ. సెక్రటరీ అంటే పెద్ద హోదా అనుకునేరు! పదకొండుమంది సభ్యుల దగ్గర చందాలు వసూలు చెయ్యడం, గడియారాలకి బ్యాటరీలు మార్చడం, తప్పిపోయిన గుర్రం స్థానంలో సీసా మూత పెట్టడం, ఇవీ ఆయన అధికారాలు. ఆయనకి పదవి, నాకు ఆదివారానికి ఇరవై కప్పుల టీ. అంచేత ఆట రాకపోయినా, ఆట చుట్టూ వున్న కథంతా నాకు వచ్చు.

జట్ల ఆట పద్ధతి చెబుతాను, వినండి. జట్టుకి నలుగురు. అందరికన్నా గట్టివాడు మొదటి బల్ల దగ్గర, తరవాతివాడు రెండో బల్ల దగ్గర, అలా నాలుగు బల్లలు. అవతలి జట్టులో మొదటివాడితో మన మొదటివాడు, నాలుగోవాడితో నాలుగోవాడు ఆడతారు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర, ఓడితే సున్నా. నాలుగింట్లో రెండున్నర తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. ఉమ్మడి కుటుంబం లాంటిదే ననుకోండి. పెద్దకొడుకు పేరు నలుగురికీ తెలుస్తుంది. వెనక గదిలో కూర్చుని పప్పులో రాళ్ళేరే చిన్నకోడలు లేకపోతే భోజనాలు కావని మాత్రం ఎవరికీ తోచదు.

మా మొదటి బల్ల, రిటైరైన పోస్టుమాస్టరుగారు. మూడో ఎత్తుకే పావుగంట ఆలోచిస్తారు. రెండో బల్ల, మందుల షాపాయన. కొట్లో బావమరిదిని కూర్చోబెట్టి వస్తాడు కాబట్టి గెలిచినా ఓడినా గంటలో తేల్చేస్తాడు. మూడో బల్లకీ నాలుగో బల్లకీ కాలనీ పిల్లలే దిక్కు.

అసలు ఈ క్లబ్బు పుట్టింది 2022లో. ఆ ఏడు చెన్నై దగ్గర మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగింది గుర్తుందా? మన గుంటూరు పిల్ల ద్రోణవల్లి హారిక నిండు నెలలతో వచ్చి ఆడింది. అది చూసి మా కాలనీ ఆడవాళ్ళం, ఆట తెలియకపోయినా, రోజూ సాయంత్రం స్కోరు కనుక్కునేవాళ్ళం. మన ఆడపిల్లల జట్టు చివరి రోజు దాకా అందరికన్నా ముందుంది. ఆఖరి మ్యాచీలో అమెరికా చేతిలో ఓడి, కాంస్యంతో సరిపెట్టుకుంది. కోనేరు హంపీ, హారికా వంటివాళ్ళున్న జట్టుకే అలా అయినప్పుడు మనదెంత అని ధైర్యం తెచ్చుకుని, మావాళ్ళు ఆ నెల్లోనే క్లబ్బు పెట్టేశారు. చుట్టుపక్కల వూళ్ళ క్లబ్బులన్నీ కలిసి నడుపుకునే లీగులో పేరిచ్చారు.

మొదటి ఏడు రెండో డివిజన్లో అందరికన్నా కింద నిలిచాం. రెండో ఏడు ఏ గాలి వీచిందో, అందరికన్నా పైన నిలిచి మొదటి డివిజన్లోకి ఎక్కాం. మావారు వీధంతా లడ్డూలు పంచారు. ఆ లడ్డూలు అరిగేలోగానే మూడో బల్ల కుర్రాడూ, నాలుగో బల్ల కుర్రాడూ పదో తరగతి పాసై హాస్టలు కాలేజీల్లో చేరిపోయారు. అప్పుడర్థమైంది నాకు. మా క్లబ్బుని పడగొట్టేది ఏ క్లబ్బూ కాదు, ఇంటర్మీడియట్! పిల్లవాడికి ఏనుగు ఎలా నడుస్తుందో నేర్పి, డ్రా చెయ్యడం నేర్పి, ఓడిపోయాక ఏడవకుండా చెయ్యి కలపడం నేర్పేసరికి వాడికి పదిహేనేళ్ళు నిండుతాయి. ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్ళిపోతాడు.

ఆ ఖాళీలో వచ్చింది ఒక పిల్ల. పదో తరగతి. వాళ్ళమ్మ ఇంట్లో మిషను కుడుతుంది. ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, షెడ్డు గుమ్మం దగ్గర చాప వేసుకుని, ఆట అయ్యేదాకా చీరలకి ఫాల్ కుట్టుకుంటూ కూర్చునేది. "లోపలికి రామ్మా, ఫ్యానుంది" అంటే, "వద్దు అక్కయ్యగారూ, ఇక్కణ్ణించి బల్ల బాగా కనిపిస్తుంది" అనేది. బల్ల కనిపిస్తే ఏం లాభమో నాకప్పుడు తెలియలేదు.

మూడో ఏడు ఆఖరి మ్యాచీ. గెలిస్తే మొదటి డివిజన్లో వుంటాం, లేకపోతే కిందికి. పోస్టుమాస్టరుగారు గెలిచారు. మందుల షాపాయన గెలిచాడు. మూడో బల్ల ఓడిపోయింది. రెండూ ఒకటి. ఇహ మిగిలింది నాలుగో బల్ల. అక్కడ అర పాయింటు వస్తే చాలు.

నేను టీ పళ్ళెంతో లోపలికి వెళ్ళి చూద్దును కదా, అవతలాయనకి రాజూ ఒక బంటూ వున్నాయి. మా పిల్లకి రాజు ఒక్కడే! ఆ బంటు చివరి వరసకి చేరితే మంత్రి అయి కూర్చుంటుంది. మన చదరంగంలో రాణి లేదు కదా, ఆ పెత్తనమంతా మంత్రిదే. మావారి మొహం వాడిపోయింది. పోస్టుమాస్టరుగారు మాత్రం ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పిల్ల తొందరపడకుండా, గడి తరవాత గడిగా, రాజుని తీసుకెళ్ళి మూలనున్న గడిలో కూర్చోబెట్టింది. ఆ బంటు అంచు వరసలోది. అంచు బంటుకి ఎదురుగా మూలగడిలో రాజు చేరి కూర్చుంటే, వాణ్ణి అక్కణ్ణించి లేవగొట్టడం ఎవరి తరమూ కాదట. మరీ మీదికి వెళ్ళి కదలడానికి చోటివ్వకపోతే, షా చెప్పకుండా వూపిరాడనివ్వలేదని ఆట డ్రా అయిపోతుందట! అవతలాయన అరగంట ప్రయత్నించి, నవ్వి చెయ్యి చాచాడు. రెండున్నర, ఒకటిన్నర. గుమ్మం దగ్గర మాత్రం సూది ఆగలేదు. "మూలకి చేరినప్పుడే అనుకున్నా లెండి" అంది వాళ్ళమ్మ.

ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని ఎక్కువభాగం ఇలాంటి అర పాయింటే ననిపించింది నాకా సాయంత్రం. గెలిచామని ఎవరూ దండ వెయ్యరు. కానీ ఆ అర లేకపోతే ఇల్లు డివిజను మారిపోతుంది. చిన్న క్లబ్బులకే కాదు, ప్రపంచానికీ ఇదే లెక్క. 2024లో బుడాపెస్టు ఒలింపియాడ్లో మన ఆడపిల్లలు మొట్టమొదటిసారి స్వర్ణం తెచ్చారు చూడండి, అదేమీ నల్లేరు మీద నడక కాదు. ఎనిమిదో రౌండులో పోలండు చేతిలో ఓడారు. తొమ్మిదోది అమెరికాతో సమానం. పదోదాంట్లో చైనా ఎదురైంది. ఆ రోజు గెలిచింది ఒక్క దివ్యా దేశ్‌ముఖ్. తక్కిన ముగ్గురూ తలో అరా తెచ్చారు. ఒకటీ, మూడు అరలూ కలిపితే రెండున్నర! ఆ రెండున్నర లేకపోతే మెడలో ఏ పతకం పడేదో.

ఆ పిల్ల పదో తరగతి పాసైంది. వాళ్ళ నాన్న హాస్టలు కాలేజీలో సీటు కట్టేశాడు. పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదకొండింటికి పడుకోబెట్టే కాలేజీ. చదరంగపు బల్ల పెట్టెలో పెట్టుకుంటే వార్డెను తీసి వెనక్కి పంపేశాడట. మనిషి రాని బల్లకి లీగులో సున్నా వేస్తారు. ఈ ఏడు జట్టుకి పేర్లు రాస్తూ మావారు నాలుగో గీత దగ్గర కలం ఎత్తి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడొచ్చింది వాళ్ళమ్మ. కుట్టిన జాకెట్లు నా చేతికిచ్చి, నిలబడే వుంది. "అక్కయ్యగారూ, ఆ నాలుగో సీటు ఎవరికీ ఇచ్చెయ్యకండి. రెండేళ్ళు నేను కూర్చుంటాను" అంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటాపుకోవడం మనందరికీ తెలుసు. మనిషే తువ్వాలుగా వచ్చి పడడం నేనదే చూడటం. "నీకు ఆటొచ్చా?" అన్నారు మావారు. "ఏడాది పొడుగునా గుమ్మంలో కూర్చున్నది ఫాల్ కోసమేనా, అన్నయ్యగారూ?" అంది.

ఇప్పటికి ఆరు ఆటలాడింది. అయిదు ఓడింది, ఒకటి డ్రా. ఆ డ్రా వచ్చిన మ్యాచీ మేము గెలిచాం, రెండున్నర ఒకటిన్నరతో. ఇంకా రెండు మ్యాచీలున్నాయి. నిలుస్తామో జారుతామో చెప్పలేను.

ఆదివారం రాత్రి హాస్టల్లో పది నిమిషాలు ఫోను మాట్లాడనిస్తారు. తిన్నావా, ఆరోగ్యం ఎలా వుందీ అన్నవి తల్లి అడగాల్సిన ప్రశ్నలు. ఆవిడ నోరు తెరిచే లోపలే అవతలినుంచి కూతురు అడిగేస్తోందట, "అమ్మా, ఇవాళ ఎన్నో ఎత్తు దాకా నిలబడ్డావు?" అని.