నా రెండో అన్నప్రాశన

మనిషికి అన్నప్రాశన ఒక్కసారే జరుగుతుందని అందరూ అనుకుంటారు. నాకు రెండుసార్లు జరిగింది. మొదటిది ఆరో నెలలో. రెండోది నలభై ఆరో ఏట.

మొదటిదాని కథ మా అమ్మ ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతూంటుంది. చాపమీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, కత్తి వరసగా పెట్టి, ఆ చివర పాయసం గిన్నె ఉంచారట. నేను పుస్తకాన్ని మోకాలితో తోసేసి, గొలుసు మీంచి పాకి, సరాసరి వెళ్ళి పాయసంలో చెయ్యి పెట్టానట. "పుస్తకం పట్టుకోకపోతేనేం, కాలేజీ మేష్టరు కాలేదూ!" అని ముగిస్తుంది అమ్మ. ఆవిడ చెప్పని మాట ఒకటుంది. పాయసం గిన్నె జోస్యం కూడా తప్పలేదు. నలభై అయిదు నిండేసరికి, అయిదడుగుల ఏడంగుళాల నేను 118 కిలోలు తూగాను.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే లావుపాటి మనిషి కష్టాలు మీకు తెలియవు. ఆదిపర్వంలో బకాసురుడి కథ చెప్పవలసిన రోజున నాకు ముందురాత్రే నిద్రపట్టేది కాదు. భీముడు బండెడన్నం ముందు కూచున్న ఘట్టానికి రాగానే వెనక బెంచీల్లో కిచకిచలు. నేనూ వాళ్ళతోపాటు నవ్వేసేవాణ్ణి. నవ్వకపోతే మరీ నవ్వుతారు మరి! రెండో అంతస్తులో క్లాసు ఉంటే, మొదటి అంతస్తు మలుపులో ఉన్న నోటీసు బోర్డు ముందు నిలబడి, శ్రద్ధగా చదువుతున్నట్టు నటించి ఆయాసం తీర్చుకునేవాణ్ణి. మా కాలేజీలో నోటీసులన్నీ అంత క్షుణ్ణంగా చదివే లెక్చరరు మరొకడు లేడని ప్రిన్సిపాలుగారు ఓసారి మెచ్చుకున్నారు కూడా.

నవ్వులాట అటుంచితే, ఒంట్లో మధుమేహం చేరి ఎనిమిదేళ్ళయింది. రక్తపోటు దానికి తోడు. రాత్రి గురకలో మధ్యమధ్య ఊపిరి ఆగిపోతోందని మా ఆవిడ మేలుకుని కూచునేది. నేనేమీ ప్రయత్నించలేదనుకోకండి. జొన్నరొట్టెలు తిన్నాను, గోదావరి గట్టున నడిచాను, ఏకాదశులున్నాను. పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం - ఇదీ పదేళ్ళ లెక్క.

చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తే నాకు నలభై పైచిలుకు వచ్చింది. పొట్టలో మూడువంతులకు పైగా నిలువునా కోసి తీసేస్తారట. అరటికాయంత గొట్టం మిగులుతుంది. దాంట్లో పట్టేది నూరు, నూటయాభై మిల్లీలీటర్లు. ఈ కోత ఒకప్పుడు మరో పెద్ద ఆపరేషనుకి తొలిమెట్టుగా చేసేవారనీ, ఆ మెట్టు మీదనే చాలామంది తగ్గిపోవడం చూసి దీన్నే విడిగా చెయ్యడం మొదలెట్టారనీ ఆయన చెప్పారు. ఆకలి పుట్టించే రసాయనం ఎక్కువగా ఊరేది కూడా ఆ కోసేసే పైభాగంలోనేనట.

ప్రావిడెంటు ఫండులోంచి అప్పు తీశాను. ఏప్రిల్ చివర, సెలవులు ఇవ్వగానే ఆపరేషను అయింది. పొట్టమీద అయిదు చిన్న చిల్లులు, అంతే. నాలుగోరోజున రాజమండ్రి తీసుకొచ్చేశారు. మా వీధిలో దిగుతూంటే పక్కింటి అరుగుమీంచి ఒక మాట వినపడింది: "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకున్నాడుట!"

అయిదు చిల్లులూ మానాయి గానీ, ఆ మాట మాత్రం చాలారోజులు మానలేదు.

ఇంక నా భోజన వైభవం వినండి. మందు పోసుకునే చిన్న ప్లాస్టిక్ గ్లాసు, ముప్ఫై మిల్లీలీటర్లది. పావుగంటకి ఒక గ్లాసు. అదీ గుక్కలో కాదు, చప్పరిస్తూ. మొదట కొబ్బరినీళ్ళు, చారు తేట, పల్చటి మజ్జిగ. తరవాత పాలు, పప్పుకట్టు. మూడోవారం నుంచీ మెత్తగా మెదిపి జారుగా చేసినవి. అయిదోవారం దాటాకగాని మెతుకు మాటెత్తకూడదు. తిన్నప్పుడు తాగకూడదు, తాగినాక అరగంటదాకా తినకూడదు. రోజుకి నీళ్ళు లీటరున్నర. మాంసకృత్తులు అరవై గ్రాములు. నూరు మిల్లీలీటర్ల పాలలో ఉండేవి మూడు గ్రాములు చిల్లర. పట్టేదేమో గుప్పెడు, కావలసిందేమో గంపెడు! అంచేత పాలలో ఏదో పొడి కలిపి ఇచ్చేవారు. రుచి సుద్దముక్క కడిగిన నీళ్ళలాంటిది. ఇరవై ఏళ్ళుగా సుద్ద పీల్చినవాణ్ణి కనక తేలిగ్గానే పోల్చుకున్నాను.

చిత్రమేమిటంటే, ఆకలి నిజంగానే లేదు. ఉన్నది ఆశ. డాక్టరుగారు కోసిన ముక్కలో ఆకలి పోయింది గానీ, ఆశ ఎక్కడ ఊరుతుందో అక్కడికి ఆయన కత్తి వెళ్ళలేదు. వంటింట్లో పోపు చిటపటమంటే పక్కగదిలో పడుకున్న నాకు కళ్ళు చెమర్చేవి.

దీనికితోడు తూకం యంత్రమొకటి కొన్నాం. పొద్దున లేవగానే ఎక్కేవాణ్ణి. స్నానానికి ముందోసారి, తరవాతోసారి. సాయంత్రం ఓసారి. ఆపరేషను నాటికి 114 ఉన్నవాణ్ణి, పదిహేనో రోజుకి 107 కి దిగాను. ఇంటిల్లిపాదికీ అంకెలు చదివి వినిపించాను. పదహారో రోజు 107. పదిహేడో రోజు 107. పద్దెనిమిదో రోజు 107.2!

ఇల్లా తొమ్మిది రోజులు. రోజుకి గుప్పెడు తిండి కూడా లేదు, అంకె కదలదు. యంత్రం చెడిందేమోనని బియ్యం బస్తా పెట్టి తూచాను. బస్తా సరిగ్గానే తూగింది. చెడింది నేనన్నమాట. లోకంలో అందరికీ పనిచేసిన వైద్యం నాకొక్కడికీ పనిచెయ్యలేదు. అప్పు చేసి, పొట్ట కోయించుకుని, ఊళ్ళో పేరు పెట్టించుకుని, ఇదీ ఫలితం. పక్కింటి అరుగుమీది మాట మళ్ళీ చెవుల్లో మోగడం మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడు మా ఇంట్లో ఆవకాయ పెట్టారు.

మా యింట్లో ఆవకాయ పెట్టడమంటే చిన్న పండగ. జాడీలకి ఎత్తేశాక, బేసిన్లో అంటుకున్న పిండిలో వేడివేడి అన్నం వేసి, నూనె పోసి, అమ్మ తన చేత్తో కలిపి, చుట్టూ కూచున్నవాళ్ళకి ముద్దలు పెడుతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మొదటి ముద్ద నాదే. ఆవేళ అమ్మ అలవాటుకొద్దీ ముద్ద చేసి, నా కేసి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఏ తల్లికైనా కన్నకొడుకు ఎదురుగా కూచుని ఉండగా ముద్ద వెనక్కి తీసుకోవలసి రావడం మాటలా?

"ఒక్కటి పెట్టవే అమ్మా. తినకపోయినా తగ్గడం లేదు కదా!" అన్నాను.

"నాయనా, వద్దేమోరా" అంది. కానీ చెయ్యి ముందుకు వచ్చింది.

మా ఆవిడ వీధిలో కూరలు కొంటోంది. ముద్ద నోట్లోకి వెళ్ళింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి - ఆ రుచి నేను వర్ణించలేను. ఆ తరవాత రెండు నిమిషాలు కూడా వర్ణించలేను గానీ, వేరే కారణానికి. రొమ్ము మధ్య ఎవరో పిడికిలి బిగించినట్టయింది. నోట్లో నురగలా లాలాజలం ఊరింది. ఒళ్ళంతా చెమటలు. దొడ్లోకి వెళ్ళి కక్కుకున్నాను. లోపల వేసిన కుట్లు తెగాయేమోనన్న ఆలోచన అప్పుడు వచ్చింది. అప్పుడుగాని రాలేదు, చూడండి.

మా ఆవిడ ఆసుపత్రికి ఫోను చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. డ్యూటీలో ఉన్న డాక్టరు వరసగా అడిగాడు. జ్వరముందా? ఊపిరి ఆడుతోందా? ఎడమ భుజంలో నొప్పా? నాడి ఎంత? మా అమ్మాయి గడియారం చూసి లెక్కపెట్టింది - ఎనభై ఎనిమిది. నాడి నూటయిరవై దాటినా, జ్వరం వచ్చినా, నొప్పి హెచ్చినా క్షణం ఆలస్యం చెయ్యకుండా బయల్దేరమన్నాడు. ప్రస్తుతానికి రెండుగంటలు ఏమీ వద్దు, ఆ పైన చుక్కచుక్కగా నీళ్ళు.

ఆ రాత్రి అమ్మ నా మంచం పక్కనే కూచుంది. అరగంటకోసారి నా మణికట్టు పట్టుకుని చూసేది. ఆవిడకి నాడి లెక్కపెట్టడం రాదు. "నా చేత్తో నేనే పెట్టానురా" అని మాత్రం తెల్లవారేదాకా పదిసార్లంది.

అది ఆవిడ తప్పు కాదని ఎల్లా చెప్పను? ముద్ద అడిగింది ఆకలి కాదు, ఆశ కూడా కాదు, భయం. ఓడిపోయాననుకున్నవాడికి ఇంక పత్యమెందుకు? ఒక్క ప్రశ్న తప్పగానే జవాబుపత్రం కొట్టేసి లేచిపోయే కుర్రాళ్ళని ఎందరినో చివాట్లు పెట్టాను. ఆ పని నేనే చేశాను.

తెల్లవారి ఏ ఉపద్రవమూ లేదు. ఆసుపత్రిలో పత్యాలు చూసే అమ్మాయి ఫోను చేసింది. నా శిష్యురాళ్ళ వయస్సుంటుంది. ముద్ద సంగతీ, తూకం సంగతీ రెండూ ఒప్పేసుకున్నాను.

"మాస్టారూ, మూడోవారంలో ఇల్లా ఆగడం మామూలేనండీ" అందా అమ్మాయి. ఒంట్లో కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అని ఒక నిలవ సరుకు ఉంటుందిట. గ్రాము సరుకు మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది. మొదట్లో తిండి లేక ఆ సరుకు ఖర్చయిపోతే, నీళ్ళు కూడా పోయి బరువు గబగబా దిగుతుంది. తరవాత ఒళ్ళు కొంత నిలవ మళ్ళీ చేర్చుకుంటుంది, నీళ్ళతో సహా. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా, పైకి అంకె కదలదు.

"రోజుకి ఎన్నిసార్లు తూచుకుంటున్నారేమిటి?" అంది. చెప్పాను. నవ్వింది. "మీరు పేపర్లు దిద్దుతూంటే విద్యార్థి గుమ్మంలో నిలబడి గంటకోసారి మార్కులెన్నని అడిగితే ఊరుకుంటారా? వారానికొక్కసారి చూడండి, చాలు."

ఫోను పెట్టేశాక చూద్దును గదా, అమ్మ వంటింటి గుమ్మంలో మా అమ్మాయిని కూచోపెట్టుకుని, ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం తెలుగులో చెప్పించుకుంటోంది. పాలు పోసే ఆవిడ లెక్కలు రాసుకునే పుస్తకంలో వెనకనుంచి తన గుండ్రటి అక్షరాలతో రాసుకుంటోంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. నాలుగు పేజీలు రాసింది. ఇన్నాళ్ళూ ఆ కాగితం అలమరా తలుపుకి అంటించి ఉందే గాని, దాంట్లో ఏముందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. "నువ్వు వాడికేం పెట్టకు" అని మాత్రం అందరం చెప్పాం. పెట్టడం తప్ప మరో పని ఎరగని మనిషితో అనవలసిన మాటేనా అది?

మధ్యాహ్నం అమ్మ తన పెట్టె అడుగునుంచి ఒక మూట విప్పింది. నా ఉగ్గుగిన్నె! అంచు నొక్కుకుపోయిన వెండిది. దాన్ని చింతపండుతో తోమి, నా మందు గ్లాసుతో నీళ్ళు కొలిచి పోసి చూసింది. సరిగ్గా రెండు గ్లాసులు పట్టింది.

"అరవై అన్నమాట. ఈ గిన్నెతోనే పెంచానురా నిన్ను. మళ్ళీ దీంతోనే పెంచుతాను" అంది. "పెంచడం కాదత్తయ్యా, తగ్గించాలి" అంది మా ఆవిడ. ఆ రెండు రోజుల్లో మా యింట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

ఆరోవారం మొదటి రోజున ఆ గిన్నెలోనే మెత్తటి అన్నమూ, పెసరపప్పూ కలిపి, చెంచాతో ఇచ్చారు. ముద్దకి పాతికసార్లు నమలాలి. అమ్మ ఎదురుగా కూచుని లెక్కపెట్టింది. నాలుగు చెంచాలకి రొమ్ము దగ్గర చిన్న బరువు తెలిసింది. జన్మలో మొదటిసారి ఆ కబురు నా చెవిన పడింది కాబోలు. విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, వేళ్ళ సందుల్లోంచి మరో బూరె పడనిస్తూ "చాలు చాలు" అనడమే గాని, నిజంగా చాలినప్పుడు ఆ మాట అన్నవాణ్ణి కాదు.

"ఇంకొంచెం..." అనబోయి అమ్మ ఆగింది. నలభై ఆరేళ్ళ అలవాటు. గొంతు సవరించుకుని "చాలా నాయనా?" అంది.

"చాలమ్మా" అన్నాను. ఇదండీ నా రెండో అన్నప్రాశన. ఈసారి పాయసం లేదు.

బెంగలన్నీ తీరాయని చెప్పను. మూడోనెలలో జుట్టు రాలుతుందని ముందే హెచ్చరించారు, రాలుతోంది. విటమిను మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. తిండి తగ్గి ముఖం పీక్కుపోయిందని బంధువులు జాలిపడతారు. వాళ్ళే గుమ్మం దిగుతూ "ఇంకా తగ్గాలేమోలే" అంటారు. కానీ మధుమేహం మాత్రలు నాలుగింటిలో మూడు మానిపించారు. మా ఆవిడ రాత్రి నిద్రపోతోంది.

కాలేజీ తెరిచాక నాలుగో రోజున ఒక సంగతి కనిపెట్టాను. అప్పటికి నాలుగు రోజులుగా రెండో అంతస్తుకి ఎక్కుతున్నాను గానీ, నోటీసు బోర్డు ఒక్కసారీ చదవలేదు. ఆవేళ దిగేటప్పుడు కావాలని ఆగి చూశాను. కిందటేడాది పరీక్షల తేదీలు ఇంకా అల్లాగే ఉన్నాయి.

తూకం యంత్రాన్ని మా అమ్మాయి అటకెక్కించింది. ఆదివారం పొద్దున మాత్రం దింపుతుంది. ఈ వారం ఎంతున్నానని మీరు అడగకండి. ఇవాళ ఇంకా గురువారమే.