కారద్దాల ఫిలిం ఊడబెరుకుట ఎట్లనిన...

కారద్దానికి నల్ల ఫిలిం అంటించేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఊడబెరికేవాళ్లే దొరకరు. మేమున్నామని చెప్పేవాళ్ల చేతిలో ఉండేది ఒక్కటే ఆయుధం, గడ్డం గీసుకునే బ్లేడు. మన వృత్తిలో మాత్రం తక్కువా? కొత్త కోడు రాయమంటే ఎగబడతాం, పదిహేనేళ్ల కిందటి కోడు ఏదీ విరక్కుండా తీసెయ్యమంటే అందరికీ ఆ వారమే ఊరికి పనుంటుంది. (ఈ పోలిక ఇంతటితో ఆపేస్తాను, భయపడకండి.)

సరే, విషయానికొస్తా. మాది మంత్రాలయం దగ్గర పల్లె. మా నాయన దగ్గర ఒక పాత యాక్సెంట్ ఉంది. 2010లో కొన్న వారానికే నాలుగు పక్కద్దాలకీ, వెనకద్దానికీ నల్ల ఫిలిం వేయించాడు. అప్పట్లో కొత్త కారంటే నిమ్మకాయలెంత ముఖ్యమో ఫిలిమూ అంతే ముఖ్యం. పదిహేనేళ్లకు ఆ నలుపు కాస్తా వంకాయ రంగుకు తిరిగింది. చవక ఫిలింలో నలుపనేది ఒక రంగు కాదు, కొన్ని రంగుల కలగాపులగం. ఎండకు ఒక్కోటీ ఒక్కో వేగంతో వెలిసిపోతుంది, చివరికి ఊదా ఛాయ మిగుల్తుంది. జిగురు కూడా అక్కడక్కడా పట్టు వదిలి, అప్పడం మీద లేచినట్టు బుడగలు లేచాయి.

2025తో రిజిస్ట్రేషనుకి పదిహేనేళ్లు నిండాయి. ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవాలంటే బండిని తనిఖీకి చూపించాలి. కాబట్టి ఫిలిం తీసెయ్యాలి. ఇక్కడే నాయనకూ నాకూ చర్చ మొదలైంది.

చట్టం సంగతి ముందు చెప్పేస్తా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో నూరో నియమం ప్రకారం ముందూ వెనకా అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్కద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. జనం దీన్ని "యాభై శాతం ఫిలిం వేసుకోవచ్చు" అని చదువుకున్నారు. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు, ఆ శాతాలు అద్దం తయారీలోనే ఉండాలి, తర్వాత మీరు ఏ ఫిలిమూ అంటించడానికి వీల్లేదు అని తేల్చేసింది. ఆ మే నెల నుంచి నగరాల్లో పోలీసులు రోడ్డు మీదే బండ్లాపి చింపించారు. మా ఊరిదాకా ఎవరూ రాలేదు, నాయన ఫిలిం బతికిపోయింది. తర్వాత 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ప్లాస్టిక్ పొర ఉన్న అద్దాలకు కూడా చోటిచ్చారు. దాని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఆ 70, 50 శాతాలు తగ్గనంతవరకు ఫిలిం ఉండటం తప్పు కాదంది. ఆ వార్త వాట్సప్‌లో నాయనకు నాకన్నా ముందే చేరింది!

"సూడప్పా, కోర్టే ఏసుకోమనింది."

కోర్టు ఏసుకోమన్నది వేరు, మన అద్దం వేరు. శాతాలు కూడవు, గుణించుకుంటాయి. ఉత్త అద్దం 75 శాతం వెలుతురు వదులుతుందనుకుందాం. దాని మీద 30 శాతమే వదిలే ఫిలిం పెడితే లోపలికొచ్చేది 22.5 శాతం. ఏ కోర్టు లెక్కలో వేసినా ఇది పాసయ్యేది కాదు. పైగా వెలిసిపోయిన ఫిలిం ఇప్పుడెంత శాతమో దాన్ని చేసినవాడు కూడా చెప్పలేడు.

నాయన రెండో వాదన ఎండ. దీన్ని కొట్టిపారెయ్యలేను. మంత్రాలయంలో ఏప్రిల్, మే నెలలు అనుభవించినవాళ్లకు తెలుసు. మఠం దగ్గర బండి ఆపి, దర్శనం చేసుకుని, తుంగభద్ర దాకా పోయి తిరిగొచ్చేసరికి స్టీరింగు పట్టుకోవడానికి తువ్వాలు కావాలి. కానీ నలుపుకీ చల్లదనానికీ మనం అనుకున్నంత చుట్టరికం లేదు. ఎండలోని వేడిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణ కిరణాలది. ఉత్త రంగు ఫిలిం ప్రధానంగా ఆపేది కంటికి కనపడే వెలుతురుని. అదీ వెనక్కి తిప్పికొట్టదు, తానే పీల్చుకుని వేడెక్కి ఆ వేడిలో కొంత లోపలికే వదుల్తుంది. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి చల్లగా ఉందనుకుంటాం. పరారుణాన్ని ఆపే మంచి ఫిలింలు ఉన్నాయి, అవి నల్లగా ఉండాల్సిన పని లేదు. నాయన వేయించింది ఆ జాతి కాదు.

ఈ వాదనలన్నీ ఒక ఎత్తు. అసలు కారణం నేను నాయనతో అనలేదు, ఇక్కడ చెప్తున్నా. ఆయనకు డెబ్భై దాటాయి, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. పోయిన చలికాలం ఎమ్మిగనూరు నుంచి రాత్రిపూట ఆయన నడుపుతుంటే పక్కన కూర్చున్నా. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా కుడివైపు అద్దం పూర్తిగా దించి, తల బయట పెట్టి, రెండు పక్కలా చూసి, మళ్లీ అద్దం ఎక్కించి అప్పుడు కదిలిస్తున్నాడు. పైకి మాత్రం గాలి కోసమంటాడు. డిసెంబరు రాత్రి, ఏసీ ఆన్‌లో ఉండగా గాలి కోసం! మా రోడ్ల మీద పత్తి లోడుతో పోయే ట్రాక్టరు ట్రాలీలకు వెనక లైటుంటే అది విశేషం. పక్క అద్దాల్లో వెనక బండ్లు చూడాలన్నా ఆ వంకాయ రంగు గుండానే చూడాలి. కనపడటం లేదని ఆయన చెప్పడు. నడపొద్దని నేను చెప్పలేను, ఎందుకంటే అమ్మను ఆదోని ఆస్పత్రికి తీసుకుపోవాలంటే ఇంట్లో ఉన్న డ్రైవరు ఆయనొక్కడే, నేను హైదరాబాదులో ఉంటాను. ఆర్టీఓ పేరు చెప్పి ఫిలిం తీయించడం నాకు దొరికిన దారి.

ఇక పని. ముందు దగ్గర్లోని ఒక రేడియం స్టిక్కర్ల షాపులో అడిగాను. "అర్ధగంట సార్, అయిదొందలు" అన్నాడు. వెనకద్దం ఎట్లా తీస్తావంటే బ్లేడు చూపించాడు. దండం పెట్టి వచ్చేశాను.

ఎందుకంటే వెనకద్దం లోపలివైపు సన్నటి గోధుమరంగు అడ్డగీతలుంటాయి చూశారా, డీఫాగర్ గీతలు. అవి అద్దం లోపల ఉన్న తీగలు కావు. వెండి కలిపిన ముద్దను అద్దం మీద అచ్చువేసి కాల్చినవి. ఫిలిం సరిగ్గా వాటి మీదే అంటుకుని ఉంటుంది. బ్లేడు ఒక్కసారి అడ్డంగా తగిలితే గీత తెగిపోతుంది. ఒక గీత తెగినా మిగతావి పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ఆ రోజు ఎవరికీ తెలియదు. వానలో అద్దమంతా ఆవిరి పట్టి, ఒక పట్టీ మాత్రం తేరుకోనప్పుడు తెలుస్తుంది. ఆ మోడల్ తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది, అద్దం మార్చాలంటే పాత సామాన్ల అంగళ్ల చుట్టూ తిరగాలి.

నాయన అనుమానం ఇంకోటి. "ఆ గీతలెందుకప్పా మనకు? మంత్రాలయంలో మంచు కురుస్తాదా?"

కురవదు. కానీ వానాకాలం శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు వెనకద్దం మూసుకుపోతే ఏమవుతుందో ఆయనకే నాకన్నా బాగా తెలుసు. ఆ మాట గుర్తుచేస్తే ఊరుకున్నాడు.

ఇంటర్నెట్లో వీడియోలు బోలెడు చూశాను. సగం మంది హీట్ గన్ అంటారు. అది కొన్ని వందల డిగ్రీల వేడి కక్కుతుంది. ఒకేచోట పట్టుకుంటే అద్దం చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు కరుగుతుంది, అద్దం కూడా పగలొచ్చు. ఇంకొందరు అమ్మోనియా చల్లి, నల్ల ప్లాస్టిక్ సంచీ కప్పి ఎండలో పెట్టమంటారు. పనిచేస్తుంది, కాదనను. కానీ మా ఎండలో, మూసిన కారులో, ఆ ఘాటు మధ్య తల దూర్చి ఎవరు లాగాలి? కళ్లకూ ఊపిరికీ మంచిది కాదు, లోపలి సీట్లకూ మంచిది కాదు. మా పక్కింటాయన పెట్రోలు గుడ్డతో తుడవమన్నాడు. వేడెక్కిన కారులో పెట్రోలు! ఆయన్ని మర్యాదగా టీకి పంపించాం.

చివరికి దారి చూపింది అమ్మ. కొత్త స్టీలు గిన్నె కొంటే దాని మీది స్టిక్కరు ఎట్లా తీస్తారు? గిన్నెను స్టవ్ మీద కొంచెం వేడిచేసి, అంచు లేపి, మెల్లగా లాగితే మొత్తం వచ్చేస్తుంది. గోటితో గీకితే కాగితం వస్తుంది, జిగురు ఉండిపోతుంది. ఫిలిం కథా అదే. పాలియెస్టరు పొర, దాని కింద అక్రిలిక్ జిగురు. వెచ్చబడితే జిగురు మెత్తబడుతుంది. మెల్లగా లాగితే సాగి అద్దాన్ని వదిలి ఫిలింతో వస్తుంది, గబుక్కున లాగితే రాయిలా బిగుసుకుంటుంది, ఫిలిం చినిగి జిగురు అద్దానికే ఉండిపోతుంది. "నిమ్మళంగా తియ్యి నాయనా, జెప్పున లాగితే చినుగుతాది" అని అమ్మ అరుగు మీద నుంచే చెప్పింది.

స్టవ్ బదులు మాకు సూర్యుడున్నాడు. 2025 మే నెల, శనివారం. ఏ అద్దం తీయాలో ఆ పక్క ఎండకు తిప్పి బండి నిలబెట్టాం. పదకొండుకల్లా అద్దం మీద చెయ్యి ఆనలేదు. పక్కద్దం రెండంగుళాలు దించితే ఫిలిం పై అంచు బయటపడుతుంది. మూల దగ్గర గోటితో లేపి, లేపిన భాగాన్ని అద్దానికి దాదాపు ఆనించి మడిచి, కిందికి లాగడమే. ఒక్కో అద్దానికి పావుగంట పైనే పట్టింది. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ ఆగి, బట్టల మీద ఆవిరి కొట్టే స్టీమరుతో ఒక నిమిషం ఆవిరి పట్టి మళ్లీ లాగాం. ఈలోగా మా మేనల్లుడు ఉత్సాహంగా చెంబుతో చల్లనీళ్లు తెచ్చాడు, సమయానికి పట్టుకున్నా. కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే, ఎక్కడన్నా పాత దెబ్బ ఉందంటే, పక్కద్దం పొడిపొడిగా రాలిపోతుంది.

రెండు అద్దాలు ముక్క చినగకుండా వచ్చాయి. మిగతా రెంటికి ఫిలిం వచ్చింది, జిగురు చారలు చారలుగా నిలిచిపోయింది. ఇక్కడ వీడియోలు చెప్పని సంగతొకటి. లాగేటప్పుడు ఎండ మన చుట్టం, జిగురు కడిగేటప్పుడు శత్రువు. జిగురు నానాలి. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు కొట్టి, పాత పేపరు తడిపి అద్దానికి అతికించి, అరగంట ఉంచాలి. మా ఎండలో ఆ పేపరు అయిదు నిమిషాల్లో అప్పడమైంది. అందుకని బండిని వేపచెట్టు కిందికి తోసి, సాయంత్రం దాకా ఆగి, పేపరు మీద ప్లాస్టిక్ కవరు కప్పి నానబెట్టాం. తర్వాత పాత ఏటీఎం కార్డుతో తోస్తే జిగురు ముద్దలుగా వచ్చింది. తలుపులో అద్దాల బటన్లున్న చోట తువ్వాలు కప్పడం మర్చిపోకండి, నీళ్లు అక్కడికి దిగితే వేరే ఖర్చు.

వెనకద్దం ఆదివారానికి పెట్టుకున్నా. తెల్లవారుజామున ఐదింటికి, ఇంకా చల్లగా ఉండగానే, ఇంజను నడుపుతూ డీఫాగర్ వేసి, బయటివైపు సన్నగా నీళ్లు చల్లి చూశాను. గీతలున్న చోట తడి ముందు ఆరుతుంది. పన్నెండు గీతలకు పదకొండు చారలు కనపడ్డాయి. కింద నుంచి రెండోది ముందే చచ్చి ఉంది. ఫోటో తీసి పెట్టుకున్నా. పని మొదలెట్టేముందు ఏది పాడై ఉందో రాసి పెట్టుకోకపోతే తర్వాత అన్నీ మన ఖాతాలోనే పడతాయి, మీకు చెప్పక్కర్లేదు.

స్పీకర్ల మీద తువ్వాళ్లు కప్పి, పదిన్నరకి మొదలెట్టాం. నాయన బయట నుంచి నీడ పడకుండా చూస్తూ, లోపల నేను నడుం వంచి. నిలువుగా కాదు, గీతలు పోయే దిశలోనే అడ్డంగా లాగాలి. ప్రతి జానెడుకీ ఆవిరి. బ్లేడు కాదు కదా, ఏటీఎం కార్డు కూడా ఈ అద్దం దగ్గరికి రానివ్వలేదు. రెండు గంటలు పట్టింది, చొక్కా పిండితే చెంబెడు చెమట. మిగిలిన జిగురును సాయంత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో, అదీ గీతల వెంబడే, తలుపులన్నీ తెరిచిపెట్టి తుడిచాను. అంచున నల్ల చుక్కలుండే పట్టీలో జిగురు కొంచెం ఉండిపోయింది. వదిలేశాను. బయట నుంచి అది కనపడదు, దానికోసం గీకితే చుక్కలు లేస్తాయి.

ఆ రాత్రి నాయన బండి తీసి మఠం దాకా పోయొద్దాం రమ్మన్నాడు. అడ్డరోడ్డు దగ్గర అద్దం దించలేదు. కుడిపక్కకు చూశాడు, ఆగాడు, లైటు లేని సైకిలొకటి దాటిపోయింది, తర్వాత పోనిచ్చాడు. నేనేమీ అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం, "ఎండ సంగతి ఏం జేస్తావో జెయ్యి, మీ అమ్మ ఎనక సీట్లో కూచోలేదు" అన్నాడు. న్యాయమే. బండి ఆపినప్పుడు ముందద్దానికి అడ్డం పెట్టే వెండిరంగు షేడ్ ఒకటి కొనిచ్చాను, ఎక్కేముందు తలుపులన్నీ రెండు నిమిషాలు తెరిచి వేడిగాలి వదలమన్నాను. అమ్మ మాత్రం కిటికీకి తడి తువ్వాలు కట్టుకుంటోంది, ఎడమపక్క వెనక కిటికీకి మాత్రమే. ఆ అద్దంతో నాయనకు పెద్దగా పని లేదు కాబట్టి ఆమె జోలికి పోలేదు.

సోమవారం పొద్దున బస్సెక్కేముందు మళ్లీ నీళ్లు చల్లి చూశా. అవే పదకొండు చారలు. చచ్చిన గీత ఎడమ కొసన వెంట్రుకంత తెగి ఉంది, ఫిలిం పోయాక ఇప్పుడు కంటికి కనపడుతోంది. తెగిన చోట పూసే వెండి రంగు చిన్న సీసాల్లో అమ్ముతారు. ఒకటి ఆర్డరు పెట్టాను, ఈసారి ఊరికి పోయినప్పుడు పూయాలి.