రేగడి మట్టి మూత్రపిండాలు

ఫిబ్రవరిలో గుంటూరు ముందు ముక్కుకి తెలుస్తుంది, తర్వాతే కంటికి. పొద్దున్నే చిలకలూరిపేట వైపు వెళ్ళే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, నిండా మిర్చి టిక్కీలతో ఒక లారీ పక్కనుంచి దాటింది. వరసగా నాలుగు తుమ్ములు. పక్క సీటు పెద్దాయన పేపర్లోంచి తలెత్తి, "ఊరికి కొత్తా?" అన్నారు. పుట్టింది ఇక్కడేనన్నాను. "అయితే అలవాటు తప్పిందన్నమాట" అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

నేను బయల్దేరింది ఒక మనిషిని చూడటానికి. మార్టూరులో హైవే దిగి షేర్ ఆటోలో వెళ్ళాల్సిన ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూలు వరండా గోడ మీద ఉన్నాడా మనిషి. నా స్నేహితుడి చెల్లెలు అక్కడ బయాలజీ టీచరు. "ఇంకా పూర్తి కాలేదన్నయ్యా. ఊపిరితిత్తులొచ్చాయి, పేగులొచ్చాయి, కిడ్నీలు రాలేదు. ఇరవై ఎనిమిదో తారీఖుకల్లా కావాలి" అంది ఫోన్లో. 1928లో సర్ సి.వి. రామన్ తన ఫలితాన్ని కనుక్కున్న రోజు అది. జాతీయ సైన్సు దినంగా జరుపుకుంటాం. ప్రతి బడిలోనూ ఆ రోజుకి థర్మోకోల్ అగ్నిపర్వతాలు లేస్తాయి. ఈ బడిలో మనిషి లేస్తున్నాడు.

దారిపొడుగునా పత్తి చివరి తీతలు అయిపోయిన చేలు. పీకేసిన చెట్లు గట్ల మీద కుప్పలుగా పడున్నాయి. కల్లాల్లో మిరపకాయలు ఎర్ర జంపఖానాలు పరిచినట్టు ఎండుతున్నాయి. ఇప్పుడు ఈ దారిలో ఒక్క టికెట్టుకి మూడు జిల్లాలు. గుంటూరులో ఎక్కి, పల్నాడులోని చిలకలూరిపేట దాటి, బాపట్ల జిల్లా మార్టూరులో దిగాను. 2022 ఏప్రిల్ దాకా మార్టూరు ప్రకాశం జిల్లా. ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ ఇప్పటికీ ప్రకాశమనే అంది.

ఆ మనిషి ఒక పాత ఫ్లెక్సీ వెనకవైపున ఉన్నాడు. ముందువైపు ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు. గాలికి అంచు లేచినప్పుడల్లా ఆయన నవ్వు కాస్త కనబడి మాయమవుతోంది. కొలతకి ఎవరు పడుకోవాలన్న దగ్గరే రెండు రోజులు పోయాయట. మగపిల్లలు నవ్వులు, ఆడపిల్లలు సిగ్గులు. చివరికి అటెండరు బాబాయి చొక్కా సర్దుకుని ఫ్లెక్సీ మీద వెల్లకిలా పడుకున్నాడు. పిల్లలు చుట్టూ బొగ్గుతో గీశారు. పొట్ట దగ్గర గీత కొంచెం బయటికి వచ్చిందని ఆయన ఇప్పటికీ ఫిర్యాదు చేస్తాడు.

టీచరు పెట్టిన షరతులు రెండే. ఏదీ కొట్లో కొనకూడదు, ఇంటి నుంచో చేలోంచో తేవాలి. తెచ్చినవాళ్ళు నిలబడి, అదే ఎందుకు తెచ్చారో చెప్పాలి.

ఎముకలు ఒక పిల్ల కందికట్టెతో చేసింది. ఆ పిల్ల అమ్మమ్మది కనిగిరి వైపు, మెడ తిప్పలేదట. ఫ్లోరైడు నీళ్ళు ఎముకల్లోకి ఎలా దిగుతాయో ఆ సందర్భంలోనే పాఠమైంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొట్టమొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ గురించే. తర్వాత అవి ప్రకాశం పడమటి ఊళ్ళయ్యాయి. చిన్నపేగు కోసం ఒకడు డ్రిప్పు పైపు తెచ్చాడు. పెద్దవాళ్ళ చిన్నపేగు ఆరు మీటర్ల పైచిలుకని పుస్తకంలో ఉంది. పైపు కొలిచి కోస్తే వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి వచ్చింది. "ఇంత పొడుగు బాబాయి పొట్టలో ఎట్టా పట్టిందిరా?" అని ఒకడు, "అందుకే బయటికొచ్చింది" అని ఇంకొకడు.

నన్ను నిలబెట్టేసినవి ఊపిరితిత్తులు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు గట్టు మీద కుప్పలోంచి ఒక పత్తిచెట్టు తెచ్చి, తలకిందులు చేసి కట్టాడు. మొదలు పైకి, కొమ్మలు కిందికి. మొదలు శ్వాసనాళం. అది రెండుగా చీలి, ఆ రెండూ కొమ్మలై, కొమ్మలు రెమ్మలై, ప్రతి రెమ్మ చివరా విచ్చిన పత్తికాయ. తీతల్లో చెయ్యి తగలక మిగిలిపోయిన తెల్లటి గుబ్బలవి. వాయుగోణుల బొమ్మ నేను చదువుకున్న పుస్తకాల్లో ద్రాక్షగుత్తిలా ఉండేది. ఈ వైపు చేలల్లో ద్రాక్ష ఎవరు చూశారు? "ఇట్టాంటియి ముప్పై కోట్లు ఉంటాయంట సార్. అన్నీ విప్పి పరిస్తే డెబ్బై చదరపు మీటర్లు వస్తదంట" అన్నాడు. వాళ్ళింటి ముందు కల్లమంత అని చేతులతో చూపించాడు.

తర్వాత వాడే ఇంకో మాటన్నాడు. వాళ్ళమ్మ జిన్నింగు మిల్లులో చేస్తుంది. ఆదివారం సెలవు. సోమవారం పనికి పోతే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, తర్వాత రోజుల్లో కాస్త నయం. నేను టీచరు వైపు చూశాను. "దానికి పేరుందన్నయ్యా, బిస్సినోసిస్. పత్తి ధూళితో వచ్చేది. సెలవు తర్వాత మొదటి రోజు పట్టేయడమే దాని గుర్తు. వీడు చెప్పేదాకా నాకది పరీక్షలో రాసిన జబ్బే" అంది. వాడి తల్లిని ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించడానికి ఒక రోజు కూడా ఖాయం చేసింది.

గుండె దగ్గర మందు కొట్టే చేతి పంపు. పిడి కొడితే నీళ్ళు ముందుకే పోతాయి, వెనక్కి రావు. లోపల కవాటం ఉంటుంది. తెచ్చిన కుర్రాడు లెక్క కూడా కట్టాడు. గుండె నిమిషానికి సుమారు అయిదు లీటర్లు తోడుతుంది, ట్యాంకు పదహారు లీటర్లు. "మూడు నిమిషాలకి ఒక ట్యాంకు సార్. మా నాన్నకి ఒక ట్యాంకు కొట్టాలంటే పావుగంట పడుద్ది, పైగా మధ్యలో బీడీ." 1628లో విలియం హార్వే కూడా ఇలా లెక్కకట్టే, ఇంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టలేదని, ఒంట్లో ఉన్నదే తిరుగుతుందని తేల్చాడు. ఆయన దగ్గర ఈ పంపు లేదు.

పంపు వచ్చాక మందు రాకుండా ఉంటుందా? టీచరు పదిమందిని చేతులు పట్టుకుని వరసగా నిలబడమంది. మొదటివాడు పక్కవాడి చెయ్యి నొక్కాలి, అతను తన పక్కవాణ్ణి. చివరి పిల్ల పిడికిలి బిగించాలి. అది నరం కండరానికి పంపిన కబురు. ఆమె పక్కనే ఇంకో పిల్ల నిలబడి "వదిలెయ్" అనగానే పిడికిలి విప్పాలి. ఆ "వదిలెయ్" అనేది ఒక ఎంజైము, అసిటైల్ కొలినెస్టరేజ్. ఇప్పుడు టీచరు వచ్చి ఆ పిల్ల నోరు మూసింది. కబురు వస్తూనే ఉంది, పిడికిలి బిగుసుకునే ఉంది, చెయ్యి వణకడం మొదలైంది. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చేసేది అదే. నోటితో తాగక్కర్లేదు, తడిసిన చొక్కా చాలు, చర్మం లాక్కుంటుంది. ఎవరూ నవ్వలేదు. తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టిన 1987-88లో, అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకున్న నేల ఇది. ఆ పిల్లల్లో కొందరి తాతలకి ఆ ఏడు పేర్లతో సహా గుర్తుంటుంది.

ఫ్లెక్సీ మీద అక్కడక్కడా ఖాళీలున్నాయి. కాలేయం లేదు, ఒక చెవి లేదు, పక్కటెముకల కింద రెండు ఖాళీ గుండ్రాలు. హాజరు పట్టీలో ఆ రోజు పదకొండు మంది లేరు. మిరపకోతల కాలం. ఎవరి భాగం వాళ్ళదే, ఇంకొకళ్ళకి ఇవ్వనని టీచరు పట్టు పట్టింది. "ఇచ్చేస్తే వాళ్ళు రావక్కర్లేదని చెప్పినట్టేగా? ఖాళీ కనబడుతుంటే మిగతా పిల్లలే వెళ్ళి అడుగుతారు" అంది.

మధ్యాహ్నం నేనే వెళ్ళాను. ఊరి చివర కల్లంలో పరదా పట్టాల మీద కాయలు, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. రంగు తప్పి తెల్లబడ్డ కాయ తాలు. ఎర్రకాయల్లో అది కలిస్తే యార్డులో ధర పడిపోతుంది. కిడ్నీల పిల్ల వాళ్ళ నాయనమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. టీచరు పంపిందనగానే లేచి, పట్టా కొనకి పరిగెత్తి, పాత టవల్లో చుట్టినవి తెచ్చింది. నల్లరేగడి మట్టితో చేసిన రెండు మూత్రపిండాలు, పిడికిలంత ఒక్కొక్కటి, చిక్కుడుగింజ వంపుతో. మిరపకాయల మధ్యనే ఎండబెట్టిందట.

"మొదటి జత పగిలిపోయినయి సార్" అంది.

నాయనమ్మ అందుకుంది. "రేగడి కదా నాయనా. నీళ్ళు తాగితే ఉబ్బుద్ది, ఎండితే నోరు తెరుసుద్ది. కాస్త పత్తి పీచు కలిపి పిసకమన్నా. ఇప్పుడు చూడు, బీట లేదు."

నేనూ కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాను. కిడ్నీల గురించి చెప్పమంటే, చేతులు ఆపకుండానే చెప్పింది. రోజుకి నూట ఎనభై లీటర్లు వడకడతాయి, అంటే పదకొండు ట్యాంకులు. అందులో లీటరున్నర బయటికి పంపి, మిగతాదంతా ఒంటికే తిరిగి ఇచ్చేస్తాయి. నీళ్ళు తక్కువ తాగితే బయటికి పోయేది చిక్కబడుతుంది, రాళ్ళు కట్టొచ్చు. మాట చక్కగా ఉంది. అప్పుడు అడిగాను, పొద్దున్నుంచి నువ్వెన్ని నీళ్ళు తాగావమ్మా అని.

తల వంచుకుంది. నాయనమ్మే అంది, "తాగితే మళ్ళీ పోవాలి కదయ్యా. చాటేదీ ఇక్కడ?" కల్లం చుట్టూ చూశాను. పంట కోసేసిన చేలు, బోసి గట్లు, దూరంగా రోడ్డు. పెద్ద డబ్బా నిండా నీళ్ళున్నాయి. మూత తీసినట్టు లేదు.

ఇంక అడగడానికి నోరు రాలేదు. గంట తర్వాత లేస్తుంటే ఆ పిల్ల టవల్ మూట నా చేతికిచ్చి, "మేడంకి ఇవ్వండి సార్. ఇంకో వారం కోత ఉంది. ఇంటికెళ్ళాక చేతులు ముందు నీళ్ళతో కడక్కండి, నూనె రాసి తర్వాత సబ్బు పెట్టండి" అంది.

ఆటోలో మూట ఒళ్ళో పెట్టుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి ఏంటండీ అన్నాడు. రెండు కిడ్నీలన్నాను. ఆటో నెమ్మదించింది. విప్పి చూపిస్తే పకపకా నవ్వి, "గుంటూరు పెద్దాసుపత్రిలో గుండె మార్చారంట కదండీ అప్పుడెప్పుడో" అన్నాడు. అవును, 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం ఆ ప్రభుత్వాసుపత్రిలో గుండె మార్పిడి చేసింది. గుంతలు వచ్చినప్పుడల్లా డ్రైవరు "కిడ్నీలు, కిడ్నీలు" అనుకుంటూ ఆటో పక్కకి తిప్పాడు.

బడి వదిలే వేళకి చేరాను. పిల్లలు కదలకుండా నిలబడ్డారు. సూది, గోనెతాడు తెచ్చి కుడుతుంటే టీచరు, "కుడివైపుది కొంచెం కిందికి. పైన కాలేయం ఉంటుంది కదా, చోటివ్వాలి" అంది. కాలేయం ఇంకా రాలేదు. అయినా చోటిచ్చారు. కుట్టడం అయ్యాక ఒక పిల్లవాడు బొగ్గుతో పక్కన ఆ అమ్మాయి పేరు రాశాడు. పట్టీలో ఆ రోజు ఆమెకి ఆబ్సెంటే.

చిలకలూరిపేట బస్టాండులో దిగేసరికి చీకటి పడింది. చేతులు మండుతున్నాయి. బయట చల్లగాలి, వేళ్ళ సందుల్లో నిప్పు. కాలినప్పుడు కబురు పంపే నరాల గ్రాహకమే మిరపలోని కాప్సైసిన్‌కీ లొంగుతుంది. మామూలుగా 43 డిగ్రీలు దాటితేనే తెరుచుకునే తలుపుని మిరప చల్లగా ఉండగానే తెరిచేస్తుంది. డేవిడ్ జూలియస్ దాన్ని 1997లో పట్టుకున్నాడు, 2021లో నోబెల్ వచ్చింది. రామచిలకల్లో ఆ గ్రాహకం మిరపకి స్పందించదు, అందుకే తోటలో కాయ కొరుక్కుని హాయిగా ఎగిరిపోతాయి. కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ కుళాయి కనబడగానే చేతులు కింద పెట్టి, గబగబా కడిగి, తడి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను.

ఎంతసేపు అలా కళ్ళు మూసుకుని కుళాయి పట్టుకుని నిలబడ్డానో. పక్కన సీసాలో నీళ్ళు పట్టుకుంటున్న ముసలమ్మ జాలిగా అడిగింది, "ఊరికి కొత్తా నాయనా?"

ఈసారి అవునన్నాను.