కొండనీరు, చేతిమురికి

మన దేశమునుండి ఐరోపాఖండమునకు పోయి వచ్చినవారు సాధారణముగా రెండు తెఱగుల మాటలు మోసికొని వత్తురు. అచటి వీథులు అద్దములవలె నుండునని కొందఱు మురిసిపోవుదురు. అచటివారికి శౌచము తెలియదని కొందఱు ముక్కు మూసికొందురు. ఈ రెండును కంటితో చూచినవారి మాటలే యైనను, కారణము విచారించినవారి మాటలు కావు. మేము ఒక వేసవి సెలవులలో వియన్నా, బుడాపెస్టు, ప్రాగ్ నగరములను, వియన్నాకు దక్షిణముననున్న కొండలను చూచి వచ్చితిమి. కోటలను గూర్చియు సంగీతశాలలను గూర్చియు వ్రాయువారు చాలమంది కలరు. మేమిచట నీటిని గూర్చి మాత్రము వ్రాయ మొదలిడుచున్నాము. ఆ మాట ఎచటికి పోయి తేలునో చదువరులే చూతురుగాక.

వియన్నా కాఫీశాలలలో కాఫీ అడిగినవానికి చిన్న పళ్లెరములో కాఫీతోపాటు ఒక గ్లాసుతో నీళ్లు కూడ తెచ్చి పెట్టుదురు. అడుగవలసిన పని లేదు. ఆ నీళ్లు సీసాలో కొన్నవి కావు, కొళాయినుండి పట్టినవి. వేసవిలో సైతము చల్లగా నుండును. వీథి మలుపులలో త్రాగునీటి పంపులు కలవు. వానియందును ఇదే నీరు. మంత్రిగారి యింటికి పోవునదియు ఇదే, దిక్కులేనివాడు దోసిలిపట్టి త్రాగునదియు ఇదే. సుమారు 20 లక్షల జనముగల మహానగరమున ఇట్టి నీరు ఎట్లు దొరకుచున్నదని విచారింపగా, అది ఆల్ప్సు పర్వతముల ఊటలనుండి వచ్చుచున్నదని తెలిసెను.

ఈ భాగ్యము ఆ నగరమునకు ఊరక లభింపలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో వియన్నా ప్రజలు చాలమంది తమ పెరళ్లలోని నూతులనీటినే త్రాగుచుండిరి. నూతి కెదురుగా మరుగుగుంట, రెంటికిని నడుమ నాలుగు మూరల మన్ను. టైఫాయిడు జ్వరము ఇంటివాడై స్థిరపడెను. కలరా చుట్టమువలె అప్పుడప్పుడు వచ్చిపోవుచుండెను. అట్టి కాలమున ఎడ్వర్డ్ స్యూస్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1862లో ఆ నగరము క్రింది నేలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, నేలలోని పొరలకును నూతులకును జనుల ఆరోగ్యమునకును గల సంబంధమును తేటపఱచెను. పండితుడైనవాడు గ్రంథము వ్రాసి, నలుగురు మెచ్చగా చాలునని యూరకుండుట లోకమున వాడుక. ఈయన యూరకుండలేదు. మఱుసటి యేట నగరసభలో సభ్యుడై, దూరపు కొండల ఊటనీటిని కాలువ కట్టి తేవలయునని పట్టుబట్టెను. అంత ధనము నీటికై వెచ్చింతురా యనినవారికి సమాధానము చెప్పి చెప్పి, తుదకు ఒప్పించెను. 1873 అక్టోబరు 24వ తేదీన చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ చూచుచుండగా కొండనీరు నగరమధ్యమున ధారగా ఆకాశమున కెగసెను. ఆ యేడే ఆ నగరమున ప్రపంచ ప్రదర్శనము జరుగుచుండగా కలరా వచ్చి యనేకులను పొట్టబెట్టుకొనెను. ఆ పిమ్మట కొండనీరు పాఱిన యిండ్లలో టైఫాయిడు తగ్గుముఖము పట్టెను. 1910లో హోక్‌ష్వాబ్ కొండలనుండి రెండవ కాలువయు వచ్చెను. ఆ నీరు నగరము చేరుటకు సుమారు 36 గంటలు పట్టును.

ఆ నీటి పుట్టుక చూడవలయునని మేము రైలులో పాయర్‌బాఖ్ వఱకు పోయి, అచటనుండి బస్సెక్కి, ష్నేబెర్గు, రాక్సు అను రెండు కొండల నడుమనున్న లోయలో దిగితిమి. ఆ లోయకు జర్మనుభాషలో నరకపులోయ యని పేరు. మన పురాణములలో నరకమునకు పోవు త్రోవలో వైతరణి యున్నది. అందలి జలమెట్టిదో వర్ణింప నక్కఱలేదు. ఈ నరకములోని జలము మాత్రము అమృతము. ష్వార్జా యను ఏఱు ఱాళ్లనడుమ పచ్చగా పాఱుచుండును. కైజర్‌బ్రున్ అను చోట, ఆఱవ చార్లెస్ చక్రవర్తి వేటకు పోయి కనుగొనెనని చెప్పుకొను ఊట యున్నది. పూర్వము ఈ ఊటనీటిని రాజగృహమునకు మాత్రము గుఱ్ఱములమీద మోయించుచుండిరట. రాజొక్కడు త్రాగిన నీటిని ఊరివారందఱు త్రాగగలుగుటకు ఒక శతాబ్దమునకు మించిన కాలము పట్టెను. మేమా మాట తలచుకొని, దోసిలిలో కాసిని నీళ్లు పట్టి త్రాగితిమి.

ఈ కొండలు సున్నపుఱాతి కొండలు. వానచినుకు పడినంతనే ఱాతి పగుళ్లగుండ లోపలికి జాఱిపోయి, కొంతకాలమునకు క్రింద ఊటయై వెలువడును. ఇసుకనేలవలె వడగట్టు గుణము ఈ ఱాతికి తక్కువ. కావున పైన నేల చెడినచో క్రింద నీరును చెడును. అందుచేత వియన్నా నగరమువారు ఆ కొండలమీది యడవులను, పచ్చికబయళ్లను విశాలముగా తమ యధీనమున నుంచుకొని కాపాడుచున్నారు. 2001లో ఈ ఊటల రక్షణను తమ నగర రాజ్యాంగ శాసనమునందే చేర్చిరి. నీరు కొండనుండి నగరమునకు యంత్రముల బలముతో గాక, పల్లమునకు పాఱు తన స్వభావముచేతనే వచ్చును. దానికి త్రోవ చూపుటయే మనుష్యుల పని. ఆ త్రోవను చెడకుండ కాచుట అంతకంటె పెద్దపని.

ఆ చెంతనే సెమ్మెరింగు రైలుమార్గమున్నది. వెనిసునగరమున పుట్టిన కార్ల్ ఘేగా అను ఇంజనీరు 1848లో ఆరంభించి 1854లో ముగించిన మార్గమిది. పొడవు 41 కిలోమీటర్లు. ఒకదానిపై నొకటి పేర్చిన కమానుల వంతెనలు, ఱాతిని తొలిచిన సొరంగములు. డైనమైటు పుట్టకమునుపే ఈ కొండను తొలిచిరన్న మాట వినినప్పుడు మేము చేతులు జోడించితిమి. 1998లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి. అయితే ఆ కమానుల యందమును చూచువారు తెలిసికొనవలసిన సంగతి యింకొకటి కలదు. దీనిని కట్టిన కూలీలలో వందలకొలది జనులు కలరాచేతను టైఫస్ జ్వరముచేతను ఆ గుడారములలోనే మరణించిరి. ఏ కొండలనుండి తరువాత నగరమునకు ఆరోగ్యము పాఱెనో, ఆ కొండలలోనే కూలివానికి ఆరోగ్యము లేకపోయెను.

బుడాపెస్టులో డాన్యూబునకు పడమటి యొడ్డున, బుడా కోట క్రింద, ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పుట్టిన యిల్లు నేడు వైద్యచరిత్ర ప్రదర్శనశాలగా నున్నది. ఈయన 1818లో పుట్టెను. వియన్నా పెద్దాసుపత్రిలో పనిచేయుచుండగా అచట రెండు ప్రసూతిశాలలు కలవు. ఒకదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుకొనుచుండిరి. 1846లో వైద్యవిద్యార్థుల శాలలో నూటికి 11 మందికి పైగా బాలింతలు జ్వరముతో చనిపోయిరి. మంత్రసానుల శాలలో ముగ్గురికంటె తక్కువ. చదువుకొన్నవారి చేతిలో చావు హెచ్చు, చదువులేనివారి చేతిలో చావు తక్కువ! మొదటి శాలలో చేర్పవలదని గర్భిణులు కాళ్లు పట్టుకొని యేడ్చుచుండిరట. శవపరీక్ష చేయుచుండగా కత్తి తగిలి మిత్రుడొకడు అవే లక్షణములతో మరణించుట చూచి, సెమ్మెల్‌వైస్ కారణము గ్రహించెను. శవములను కోసిన చేతులతోనే వైద్యులు బాలింతలను ముట్టుచుండిరి. 1847లో ఆయన, సున్నపు క్లోరైడు కలిపిన నీటితో చేతులు కడిగికొనిన పిదపనే లోనికి రావలయునని నియమము పెట్టెను. 1848 నాటికి రెండు శాలలలోను మరణములు నూటికి ఒకటిన్నరకు లోబడెను.

ఇంత ప్రత్యక్షప్రమాణమున్నను పెద్దవైద్యులలో చాలమంది ఒప్పుకొనలేదు. మర్యాదస్థుని చేయి మలినమగుట యెట్లని వారి సందేహము. సెమ్మెల్‌వైస్ వియన్నా విడిచి స్వదేశమునకు పోయి, 1861లో గ్రంథము ప్రకటించి, కాదనినవారిమీద బహిరంగలేఖలు వ్రాసి, తుదకు మతి చెదరి 1865లో పిచ్చాసుపత్రిలో గాయము చీముపట్టి చనిపోయెను.

ఈ కథ చదివినప్పుడు మనకు మన మడి జ్ఞప్తికి రాకమానదు. తడిబట్ట కట్టి, పరుల నీడ సోకకుండ తొలగి నడచి, మఱల ఆ చేతితోనే పాచిపట్టిన బిందెలో నీరు ముంచుట మనము చూడని సంగతి కాదు. మడియనగా శుభ్రతయే యైనచో దానికంటె మేలైన ఆచారము లేదు. కాని మడి యెదుటివాని పుట్టుకను చూచును, తన గోళ్లను చూడదు. వియన్నా వైద్యుల గర్వమునకు పేరు పాండిత్యము, మన గర్వమునకు పేరు ఆచారము. రెండును తమ చేతిని తాము చూచుకొననివే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, జనులందఱి కొఱకైన నూతులయందును చెఱువులయందును స్నానఘట్టములయందును ఎవరిని కులమునుబట్టి అడ్డగింపరాదని 15వ అధికరణమున శాసించినది. నూతికొఱకు రాజ్యాంగమున ఒక మాట వ్రాయవలసి వచ్చినదన్న, ఆ నూతిచుట్టు మన మెంతకాలము ఎట్లు నిలిచితిమో తెలియకపోదు.

ఇంతవఱకు చదివి, ఐరోపావారు మనకు గురువులని మేము చెప్పబోవుచున్నామని తలపవలదు. వియన్నాలో ఆల్బెర్టీనా ప్రదర్శనశాల యెదుట ఒక కంచుబొమ్మ యున్నది. గడ్డపు ముదుసలి యొకడు మోకాళ్లపై వంగి, చేతిలో కుంచెతో నేల తోముచుండును. 1938 మార్చిలో హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించినప్పుడు, ఆ నగరపు యూదులను వీథిలోనికి ఈడ్చి, ఇట్లే రహదారులు తోమించిరి. ఇరుగుపొరుగువారు చుట్టు నిలిచి నవ్విరి. ఆ తోమిన నీరు ఎచటిది? కొండలనుండి యందఱి కొఱకు తెచ్చిన నీరే. ఆస్ట్రియా యూదులలో 65,000 మందికి పైగా ఆ తరువాతి యేండ్లలో చంపబడిరి. ఆ బొమ్మను 1988లో నెలకొల్పినపుడు, అలసిన యాత్రికులు అది యేమో యెఱుగక దాని వీపుమీద కూర్చుండుచుండిరట. అందుచేత దానికి ముండ్లతీగ చుట్టవలసి వచ్చెను. మేము చూచినప్పుడును ఆ తీగ యున్నది.

వియన్నాలో 1898లో పుట్టిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అను చిత్రకారిణిని ప్రాగ్‌కు ఉత్తరముననున్న టెరెజీన్ నిర్బంధమునకు పంపిరి. ఆమె అచటి పిల్లలకు రహస్యముగా చిత్రలేఖనము నేర్పెను. ప్రతి బొమ్మపైన పేరు వ్రాయుమనెడిది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపిరి. పోవుటకు మున్ను ఆమె దాచిన రెండు పెట్టెలలో సుమారు 4,500 బొమ్మలుండెను. అందు కొన్నింటిని మేము ప్రాగ్‌లోని పింకాస్ ప్రార్థనామందిరమున చూచితిమి. ఆ మందిరపు గోడలనిండ సుమారు 78,000 మంది మృతుల పేర్లు చేతితో వ్రాసియున్నవి. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారము గావున, పిల్లల పేర్లు చదువుట మాకు ప్రతిదినము అలవాటైన పనియే. ఆ గోడయెదుట పది పేర్లు చదువుటయైనను చేత కాలేదు.

మంచి నీరు త్రాగిన జనము మంచిదగునని స్యూస్ చెప్పలేదు. రోగములేనిదగునని మాత్రమే చెప్పెను. ఆ మాట నిలిచినది. తక్కిన దానికి కాలువ త్రవ్వువారు వేఱు కావలయును; ఆ పని బడులలోను ఇండ్లలోను జరుగవలసినది, ఒక తరము మానినచో త్రోవ పూడిపోవునది. మన యూరి కొళాయినీరు ఏ చెఱువునుండి వచ్చుచున్నది, ఆ చెఱువులో ఏమి కలియుచున్నది, ఆ కొళాయి ఏ వీథివఱకు పోయి యాగిపోయినది అని మీ పిల్లలచేత విచారింపజేయుడు. ఆగిన వీథి యేదియో తెలిసిన పిదప, అచటనే యేల యాగినదని వారే మిమ్ము అడుగుదురు. అప్పుడు చెప్పవలసిన సమాధానము మనయొద్ద సిద్ధముగా నుండవలయును.