ఆఖరి మూరెడు నీళ్ళు

పల్లెటూరనగానే పట్నవాసం వాళ్ళకు ఒక బొమ్మ కళ్ళముందు కొస్తుంది. పచ్చని వరిపొలం, పక్కన చెరువు, చెరువునిండా తామరలు, కట్టమీద గొర్రెలకాపరి. బొమ్మ బాగానే వుంటుంది. కాని ఆ పొలానికీ ఆ చెరువుకూ ఫాల్గుణమాసం వచ్చేసరికి తగాదా వస్తుందని ఆ బొమ్మ చెప్పదు.

కొడకండ్ల దగ్గరి ఒక చిన్న వూళ్ళో నేను పదకొండేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. కొడకండ్ల మొదట వరంగల్లు జిల్లాలో వుండేది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది. పక్కనే పాలకుర్తి, బమ్మెర. కొడకండ్ల పేరెత్తితే చాలామందికి మగ్గాలూ, బతుకుతెరువుకు సూరత్, షోలాపూర్ వెళ్ళిన పద్మశాలీలూ గుర్తుకొస్తారు. నేను చెప్పబోయేది మగ్గంమీది నూలు సంగతి కాదు. నీళ్ళలో వేసే వల సంగతి.

మా వూరి చెరువును ఎవరు తవ్వించారో చెప్పే శాసనం లేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లాగా దానికి పేరుప్రతిష్ఠలూ లేవు. పై వూరి చెరువు మత్తడి దుంకితే మా చెరువు నిండుతుంది. మాది దుంకితే కింది వూరిది నిండుతుంది. గొలుసుకట్టు చెరువులంటే యివే. కట్టమీద ఒక చిన్న మైసమ్మ గుడి, రెండు తూములు, ఒక మర్రిచెట్టు. బతుకమ్మ పండుగనాడు వూరి ఆడవాళ్ళంతా పువ్వులు వదిలేదీ అందులోనే, పశువులు కడిగేదీ అందులోనే. దానికింద వరి పండుతుంది. దానిలోపల చేప పెరుగుతుంది. పొలం రైతులది. చేప ముదిరాజుల సొసైటీది. నీళ్ళు మాత్రం యిద్దరివీ. చిక్కంతా అక్కడే వుంది.

వానాకాలంలో ఏ చిక్కూ రాదు. మృగశిర కార్తె పోయి, మంచి వరద వచ్చి మత్తడి పారిందంటే చేపలు నీటికి ఎదురెక్కుతాయి. ఆ రోజున మా బడి హాజరుపట్టీ చూడాలి! అయిదో తరగతిలో మిగిలేది పంతులూ, నల్లబల్లా. మర్నాడు వచ్చిన పిల్లలు ఎందుకు రాలేదంటే కడుపునొప్పి అనేవారు. చేతులు వాసన చూస్తే ఆ కడుపునొప్పి ఏ జాతి చేపవల్ల వచ్చిందో తెలిసిపోయేది.

చెరువు నిండాక చేపపిల్లలను వదులుతారు. 2016 నుంచి తెలంగాణా ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను యివ్వడం మొదలుపెట్టింది. ఏడాది పొడుగునా నీరు నిలవని చెరువులకు 35, 40 మిల్లీమీటర్ల పిల్ల. నీరు నిలిచే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రవ్వ నడిమి నీటిలో మేస్తుంది, మ్రిగాల అడుగున మేస్తుంది. ఒకే యింట్లో మూడంతస్తుల కాపురమన్నమాట! పోట్లాట లేదు. పోట్లాటంతా యింటి బయటిది.

పోతన పుట్టిన బమ్మెర మాకు పక్కనే అన్నాను గదా. ఆయన భాగవతం అష్టమస్కంధంలో మత్స్యావతార కథ వుంది. సత్యవ్రతుడి చేతిలోకి వచ్చిన చిన్న చేపపిల్లకు కమండలం చాలలేదు, మడుగు చాలలేదు, సరస్సు చాలలేదు; చివరకు సముద్రంలో విడవవలసి వచ్చింది. మా సొసైటీవాళ్ళ బాధ సరిగ్గా దానికి తలకిందులు. వాళ్ళ చేప రోజురోజుకూ పెరుగుతుంటుంది. దాని సముద్రం మాత్రం రోజురోజుకూ తరిగి, మాఘం దాటేసరికి మడుగవుతుంది, చైత్రానికి కమండలమవుతుంది.

ఎందుకంటే యాసంగి వరికి నీళ్ళు కావాలి. జనవరిలో నాటు వేసిన వరి మార్చిలో పొట్టకొస్తుంది. అప్పుడు రెండు తడులు తప్పితే గింజ వుండవలసినచోట తాలు వుంటుంది. సరిగ్గా అప్పుడే చేప బరువెక్కుతుంది. ఇంకో రెండు నెలలు ఓపికపడితే ముప్పావు కిలో చేప కిలో అవుతుంది. మృగశిర నాడు చేప తినాలన్న ఆచారం వుంది గనుక ధరా పెరుగుతుంది. కాని నీళ్ళు మోకాలిలోతుకు దిగి, ఎండకు కాగితే, తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు. నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతాయి. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో కుళ్ళిపోతుంది.

ఒక యేడు వానలు వెనకబట్టాయి. చెరువు సగమే నిండింది, మత్తడి దుంకలేదు. అయినా రైతులు ఆశకొద్దీ నాట్లు వేశారు. మార్చి వచ్చేసరికి తూము దగ్గర మిగిలింది కొద్దిపాటి నీళ్ళు. ఒక రాత్రి ఎవరో తూమెత్తారు. ఇంకో రాత్రి ఎవరో మూసి, పైన బండ పెట్టారు. మూడోనాడు కర్రలు బయటికొచ్చాయి. వూరి పెద్దలు మర్రిచెట్టు కింద పంచాయితీ పెట్టి, లెక్కలు రాయడానికి నన్ను పిలిచారు. 2020 అక్టోబరు 31న కొడకండ్లలో ప్రారంభమైన రైతువేదికలో కూచోవడానికి కుర్చీలున్నాయి. మా పంచాయితీకి చెరువుకట్టే కుర్చీ.

"పొట్టమీదున్న వరి సారూ! రెండు తడులియ్యకుంటె గడ్డి తప్ప గింజ రాదు" అన్నాడు ఆయకట్టు చివరనున్న రైతు.

"మీది నాలుగు నెల్ల పంట, మాది ఏడాది పంట. వలలకు షావుకారి దగ్గర తెచ్చిన పైసలు ఎట్ల కట్టాలె?" అన్నాడు సొసైటీ పెద్దాయన.

ఆ మాట నిజమే. పట్నంనుంచి వచ్చే చేపల బేరగాడు వలకూ తెప్పకూ ముందే డబ్బిస్తాడు. ధర చెప్పేదీ అతనే, తూకం వేసేదీ అతనే. అప్పున్నవాడి చేప అతనికి కాక ఇంకొకరికి పోదు.

మాటకు మాట పెరుగుతుంటే, చేపలగంప నెత్తినుంచి దించి ఒకామె లేచింది. సొసైటీ సభ్యుడి భార్య. చెరువు కింద వాళ్ళకు ముప్పై గుంటల పొలం కూడా వుంది.

"నీళ్ళు ఇడిస్తె చేప పోతది, ఇడవకుంటె చేను పోతది. రెండూ మా ఇంటియే. బావా, నువ్వు చేప అంటున్నవ్. నీ తమ్ముని వరి ఎవలు చూస్తరు? ఓ పటేలా, నువ్వు వరి అంటున్నవ్. నీకు నాటేసినోళ్ళం మేము కాదా? ఎవలకెవలం చెప్తున్నం?"

ఎవరూ మాట్లాడలేదు. నేను రాస్తున్న పట్టికలో ఒక పక్క రైతులు, ఒక పక్క బెస్తపనివాళ్ళు అని రెండు గడులు గీశాను. ఆమె మాటవిన్నాక పేర్లు సరిచూస్తే, సొసైటీలో సగానికిపైగా పేర్లు రెండు గడుల్లోనూ వున్నాయి.

అలా ఒక ఆడమనిషి పటేలు ఎదుట నిలబడి మాట్లాడటం చిన్న విషయం కాదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటగింజ విసునూరు దొర గడీకి పోనివ్వనని నిలబడిన నేల యిది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఎంతో దూరం లేదు. వెట్టిచాకిరీ రోజుల్లో పంటైనా, పనైనా దొరమాట చొప్పునే. ఇప్పుడు మాట చెప్పుకునే హక్కు వూరికి వచ్చింది. హక్కుతోపాటు ఒకరినొకరు ఒప్పించుకోవలసిన బరువూ వచ్చింది.

సాయంత్రానికి ఒక దారి దొరికింది. చివరి పొలాలకు రాత్రిపూట, రోజు విడిచి రోజు నీళ్ళు. తూము అడుగునుంచి మూడో మెట్టు కనిపిస్తే తూము మూసెయ్యాలి. ఆ మెట్టు కిందనున్న మూరెడు నీళ్ళు చేపవి. దానిమీద ఎంత గొప్పవాడికీ హక్కు లేదు. సొసైటీవాళ్ళు పెద్ద చేపను ముందుగానే పట్టి, చిన్నచేపను పూడిక తీసినచోటి లోతుగుంటలో వుంచుకోవాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక మట్టిని పొలాలకు తోలుకున్న వూళ్ళలో మాదీ ఒకటి. ఆ తవ్విన గుంటే చేపకు దిక్కయింది. మెట్టు మరిచిపోకుండా పిల్లలచేత దానిమీద సున్నపు గీత గీయించాను.

కథ సుఖాంతమని చెప్పలేను. చివరనున్న రైతుకు రెండు మళ్ళు తాలుపోయాయి. చేప ముప్పావు కిలోకే అమ్ముడుపోయింది. బేరగాడు ధర తగ్గించాడు. ఇద్దరికీ నష్టమే. కాని ఒకరి నష్టంమీద ఇంకొకరు బతకలేదు. కర్రలు ఎవరి యింటికి అవి పోయాయి.

తరువాత ఒకసారి ఇండోనేషియా గురించి చదివాను. జావాలో వరిమడిలోనే చేపలు పెంచుతారట. ఆ పద్ధతిని 'మినపాడి' అంటారు. 'పాడి' అంటే వాళ్ళ భాషలో వరి. 'మిన' మన మీనమే! బాలిద్వీపంలో రైతులు 'సుబాక్' అనే కట్టుబాటుతో గుడి సాక్షిగా నీళ్ళు పంచుకుంటారు. 2012లో యునెస్కోవారు ఆ సుబాక్ పద్ధతిని నిలుపుకున్న పొలాలనూ గుళ్ళనూ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. మన రామప్ప గుడికి ఆ గౌరవం 2021లో వచ్చింది. గుడికి వచ్చిందని సంతోషించాను. మైసమ్మ సాక్షిగా నీళ్ళు పంచుకునే మా తూముమెట్టుకు ఏ బిరుదూ రాలేదు. వచ్చినా, మా వూరివాళ్ళు ముందు అడిగేది ఆ బిరుదుతో నీళ్ళు వస్తాయా అనే.

ఇటీవల గోదావరి నీళ్ళు కాలువలమీద వచ్చి యీ ప్రాంతపు చెరువులు కొన్నింటిని నింపుతున్నాయి. మంచిదే. నీళ్ళు నిండుగా వున్ననాడు అందరూ మంచివాళ్ళే. మూడో మెట్టు కనబడిననాడు ఎవరు తూమెత్తుతారో, ఎవరు ఆగుతారో, అదే వూరికి పరీక్ష. ఆ సున్నపుగీతను యేటా మాఘంలో పిల్లలు కొత్తగా దిద్దుతున్నారని విన్నాను.

ఇప్పుడు హనుమకొండలో వుంటున్నాను. మృగశిర నాడు బజారులో చేపలమ్మే ఆమెను "ఏ చెరువు చేప?" అని అడుగుతాను. చెపుతుంది. "ఆ చెరువు కింద ఈసారి యాసంగి పండిందా?" అని కూడా అడుగుతాను. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్కమాట. రెండోదానికి ఆమె కత్తి పక్కన పెట్టి, గంప జరిపి, "కూసో సారూ, చెప్త" అంటుంది.